అక్క పెళ్లికి, ఆదివారం పక్షులకి ఒకే కెమెరా: ఏది కొనాలి, ఎందులో ఎడిట్ చేసుకోవాలి?

మీ ప్రశ్న ఇది: 60 వేల బడ్జెట్ ఉంది, ఫిబ్రవరిలో అక్క పెళ్లి, ఆ తర్వాత సెలవుల్లో పక్షుల ఫోటోలు తీయాలని ఉంది, ఎడిటింగ్‌కి లైట్‌రూమ్ అనే సాఫ్ట్‌వేర్‌కి నెలనెలా డబ్బు కట్టాలా, ఉచితంగా దొరికేవి సరిపోతాయా అని. నాకు స్టూడియో లేదు. తెనాలి దగ్గర స్కూల్లో లెక్కలు చెప్తాను. 2018 నుంచి మా ఇంట్లోనూ చుట్టాల ఇళ్లలోనూ ఏ శుభకార్యం జరిగినా కెమెరా నా మెడలోనే ఉంటుంది. ఆ అనుభవంతో చెప్తున్నాను.

కెమెరా బాడీ సెకండ్ హ్యాండ్‌లో తీసుకోండి. మిగిలిన డబ్బు లెన్సులకి పెట్టండి. మొదటి రోజు నుంచీ రా ఫైల్‌లో, అంటే సెన్సార్ పట్టినదంతా మార్చకుండా దాచే ఫైల్‌లో తీయండి. సాఫ్ట్‌వేర్‌కి మొదటి ఏడాది ఒక్క రూపాయి కూడా ఖర్చు చేయకండి. ఎందుకో చెప్పాలంటే ఒక పెళ్లి గురించి చెప్పాలి.

నా మొదటి కెమెరా కానన్ 1500డి. 24 మెగాపిక్సెల్, దాంతోపాటు వచ్చే 18-55 కిట్ లెన్సు. 2019 శ్రావణంలో మా పెద్దమ్మ కూతురి పెళ్లి వాళ్ల ఊళ్లోనే, ఇంటి ముందు వేసిన పందిట్లో జరిగింది. ముహూర్తం రాత్రి రెండు దాటాక. పందిరి గుంజలకి ఎల్ఈడీ ట్యూబులు, చుట్టూ సీరియల్ సెట్లు. కంటికి అంతా పట్టపగల్లా ఉంది. అడ్డుతెర పట్టుకున్నారు, బ్యాండు మేళం జోరందుకుంది. జీలకర్ర బెల్లం పెట్టే సమయానికి నేను కాస్త వెనక నిలబడి 55 దాకా జూమ్ చేసి ఉన్నాను. అక్కడ ఆ లెన్సు ఎంత తెరిచినా ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది (ఈ ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్సు ఎక్కువ తెరుచుకుంటుంది). ఐఎస్‌ఓ (పట్టిన వెలుగుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 6400 పెట్టినా షట్టర్ సెకనులో 30వ వంతుకి పడిపోయింది. పదకొండు ఫోటోలు తీశాను. పదకొండింటిలోనూ తలలు బాగానే ఉన్నాయి, చేతులే పొగలా ఉన్నాయి. అక్క వేళ్లు, తమలపాకు, దాని మీద జీలకర్ర బెల్లం ముద్ద, అన్నీ కలిసి ఒక గోధుమరంగు మరక.

తలంబ్రాల దగ్గర కదలిక ఆగాలని షట్టర్ 500కి, అంటే సెకనులో 500వ వంతుకి పెంచాను. ఫోటోలు చీకటిగా వచ్చాయి, పైగా అడ్డంగా నల్లటి చారలు. కెమెరా పాడైందేమోనని టెన్షన్ పట్టుకుంది. పెళ్లివారు మాట్లాడుకున్న ఫోటోగ్రాఫర్ గారు, యాభై దాటిన మనిషి, నా స్క్రీన్ వైపు ఒక్కసారి చూసి, "తమ్ముడూ, షట్టర్ వంద మీద పెట్టు, గీతలు పోతాయి" అన్నారు. పోయాయి.

ఆ మాట వెనక ఉన్న లెక్క ఇంటికొచ్చాక అర్థమైంది. మన కరెంటు 50 హెర్ట్జ్. చవకరకం ట్యూబులు, బల్బులు ఆ కరెంటుతోపాటు సెకనుకి 100 సార్లు వెలుగు తగ్గి పెరుగుతుంటాయి. మన కన్నుకి తెలియదు, షట్టర్‌కి తెలుస్తుంది. సెకనులో 100వ వంతు లేదా 50వ వంతు పెడితే ఆ హెచ్చుతగ్గు మొత్తం ఫోటోలో కలిసిపోతుంది. స్టేజీ వెనక పెట్టే ఎల్ఈడీ స్క్రీన్ల సంగతి వేరు, వాటికి ఒక్కోదానికి ఒక్కో వేగం. అక్కడ ముందే రెండు మూడు ఫోటోలు తీసి చూసుకోవాలి.

మళ్లీ లెన్సు దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఆ రాత్రి నాకు కావలసింది అదే. పెళ్లయిన నెలకి 50 ఎంఎం ఎఫ్ 1.8 కొన్నాను, అప్పట్లో పదివేల లోపే వచ్చింది. 5.6ని 1.8తో భాగించి వర్గం చేయండి: 9.7 వరకు వస్తుంది. అంటే అదే పందిరి, అదే ట్యూబులు, అదే కెమెరా, లోపలికి వచ్చే వెలుగు మాత్రం దాదాపు పది రెట్లు. 30వ వంతు పెట్టిన చోట 250వ వంతు హాయిగా పెట్టుకోవచ్చు, చారలు వస్తుంటే వంద మీదే ఉంచి ఐఎస్‌ఓ 2000కి దించుకోవచ్చు. ఎంత ఖరీదైన బాడీ కొన్నా కిట్ లెన్సుతో ఈ తేడా రాదు. ఒక్క ఇబ్బంది ఉంది. ఈ కెమెరాల సెన్సార్ చిన్నది కాబట్టి 50 కాస్తా 80లా పనిచేస్తుంది. ఇద్దరి ముఖాలకి, చేతులకి అద్భుతం. గదిలో పదిమందిని నిలబెట్టి తీయాలంటే వెనక గోడ అడ్డొస్తుంది. గ్రూప్ ఫోటోలకి కిట్ లెన్సే వాడండి, అప్పుడెవరూ కదలరు, ఫ్లాష్ కూడా వేసుకోవచ్చు.

ఇక బాడీ. కొత్తది కావాలంటే మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్తరకం కెమెరా) కొనమనే అందరూ చెప్తారు, అది నిజమే. కంపెనీలు కొత్త లెన్సులన్నీ వాటికే తెస్తున్నాయి, మనిషి కన్నుని వెతికి పట్టుకునే ఫోకస్ కూడా పెళ్లిళ్లలో చాలా ఉపయోగం. కానన్ ఆర్50 లాంటిది తీసుకుంటే మీ బడ్జెట్ దాదాపు అక్కడికే సరిపోతుంది. దాంతో వచ్చే 18-45 లెన్సు నా పాతదానికన్నా ఇంకా చీకటిది, జూమ్ చివర ఎఫ్ 6.3. అంటే కొత్త కెమెరాతో నా పాత పందిట్లోనే నిలబడతారు. మీ బడ్జెట్ లక్ష దాటితే మాట మార్చుకుంటాను: అప్పుడు మిర్రర్‌లెస్ బాడీ, సిగ్మా 18-50 ఎఫ్ 2.8. పెళ్లికి ఆ ఒక్క లెన్సు చాలు.

60 వేలలో అయితే సెకండ్ హ్యాండ్ డీఎస్‌ఎల్‌ఆర్, అంటే నా 1500డి లాంటి అద్దం ఉన్న పాతరకం. చాలామంది మిర్రర్‌లెస్‌కి మారుతూ మంచి బాడీలు తక్కువకి అమ్మేస్తున్నారు. నైకాన్ డీ3500, డీ5600 వైపు వెళ్తే ఒక జాగ్రత్త: వాటి బాడీలో ఫోకస్ మోటార్ ఉండదు. పాత 50 ఎఫ్ 1.8డి లెన్సు చవగ్గా దొరికిందని కొంటే ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి, చివర జి అని ఉన్నదే తీసుకోండి. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో నైకాన్‌లో ఫోటో ఫైల్‌లోనే నమోదై ఉంటుంది, కాబట్టి అక్కడికక్కడే ఒక ఫోటో తీసి చూపించమనండి. లెన్సు కొనేటప్పుడు ఫోన్ టార్చ్ వెనక నుంచి వేసి లోపలికి చూడండి. సాలెగూడులా సన్నటి పోగులు కనిపిస్తే ఎంత తక్కువకిచ్చినా వద్దనండి. అది ఫంగస్.

ఫంగస్ సంగతి నాకు నష్టపోయాకే తెలిసింది. పక్షుల కోసం కొన్న 55-250 లెన్సుని 2020లో, బయటికి వెళ్లే పని లేక, వానాకాలమంతా బ్యాగులోనే ఉంచి బీరువాలో పెట్టాను. దసరాకి తీసి చూస్తే ముందు గాజు వెనక తెల్లటి బూజు వేళ్లు. శుభ్రం చేయించినా మచ్చ పూర్తిగా పోలేదు, ఎండకి ఎదురుగా తీస్తే ఫోటో అంతా పాలిపోయినట్టు వస్తుంది. మన కోస్తా గాలిలో తేమ ఎక్కువ. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటర్ కొనుక్కోండి, కొన్ని వందల్లో అయిపోతుంది. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే లెన్సు భద్రం. జెల్ రంగు మారినప్పుడల్లా వేడిచేసి మళ్లీ పెట్టుకోవచ్చు.

పక్షులకి మొదట ఇలాంటి 55-250 సెకండ్ హ్యాండ్‌దే చాలు. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువుకి వెళ్లండి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గట్టుకి అంత దగ్గరగా వాలుతాయి కాబట్టి లక్షలు పోసి పెద్ద లెన్సు కొనక్కర్లేదు. ఎగిరే పక్షికి షట్టర్ 1000కి తగ్గకూడదు. వెనక ముదురు రంగు చెట్లుంటే కెమెరా పొరబడి తెల్ల పక్షిని సున్నం పూసినట్టు చేస్తుంది, ఎక్స్‌పోజర్ కాస్త మైనస్‌లో పెట్టండి. ఈకల గీతలు ఒకసారి తెల్లగా మాడిపోతే ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు.

ఇప్పుడు రా ఫైల్. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లు ఉంటాయి. నా 1500డి లాంటి కెమెరాల 14 బిట్ రా ఫైల్‌లో 16,384. మీకు పెళ్లిపీటల మీద దీని అవసరం తెలుస్తుంది: పసుపు రాసిన ముఖం, ఎర్ర పట్టుచీర, జరీ, పచ్చటి మామిడాకులు, పైన నీలం సీరియల్ లైటు. కెమెరా జేపెగ్ చేసేటప్పుడు ఏదో ఒక రంగుని నమ్మి మిగతావాటిని వదిలేస్తుంది. రా ఉంటే తెలుపు ఏది, పసుపు ఏది అన్నది ఇంటికొచ్చాక మీరే నిర్ణయించుకోవచ్చు. ఆ పెళ్లిలో నేను జేపెగ్ మాత్రమే తీశాను. 2023లో లైట్‌రూమ్‌కి కొత్త డీనాయిజ్ (ఫోటోలో గరుకు చుక్కలు తీసేసే పనిముట్టు) వచ్చినప్పుడు ఆశగా ఆ ఫోటోలు బయటికి తీశాను. అది రా ఫైళ్లకే పనిచేసింది. కార్డులో చోటు ఎక్కువ తింటుంది, నిజమే. ఒక్కో ఫోటో 25 నుంచి 30 ఎంబీ. అయినా 64 జీబీ కార్డులు రెండుంటే పెళ్లంతా వస్తుంది.

సాఫ్ట్‌వేర్ విషయానికి వస్తే, కానన్ కొంటే డిజిటల్ ఫోటో ప్రొఫెషనల్, నైకాన్ కొంటే ఎన్‌ఎక్స్ స్టూడియో కంపెనీవాళ్లే ఉచితంగా ఇస్తారు. కెమెరా స్క్రీన్ మీద చూసిన రంగులే వాటిలో కనిపిస్తాయి, నేర్చుకోవడానికి అంతకన్నా సులువైనవి లేవు. తర్వాత డార్క్‌టేబుల్. ఇదీ ఉచితమే, 2009 నుంచి ఉంది, లైట్‌రూమ్ చేసే పనుల్లో చాలా వరకు చేస్తుంది. మొదటి రెండు వారాలు విసుగొస్తుంది, మీటలు ఎక్కువ. నేను ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, డీనాయిజ్, క్రాప్ నాలుగే నేర్చుకుని ఆరు నెలలు గడిపాను. ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంటే నడుస్తుంది, 16 ఉంటే చిరాకు ఉండదు. లైట్‌రూమ్ మంచిది కాదని కాదు. వెయ్యి ఫోటోలు వారంలో ఇవ్వాల్సినవాళ్లకి అది డబ్బుకి తగ్గ పని చేస్తుంది. కానీ 2015లో వచ్చిన లైట్‌రూమ్ 6 తర్వాత ఒకసారి కొని ఉంచుకునే పద్ధతి పోయింది. ఏడాదికి నాలుగు ఫంక్షన్లు తీసే ఇంటికి నెలనెలా కట్టడం బరువు. క్రాక్ కాపీలు మాత్రం దయచేసి ఎక్కించకండి, పెళ్లి ఫోటోలున్న ల్యాప్‌టాప్‌లో అసలు వద్దు.

ఇది చదివేవాళ్లందరికీ గట్టిగా చెప్పాలనుకునే మాట ఒకటుంది. 2020 సంక్రాంతికి మా అమ్మమ్మని వసారాలో, కిటికీ వెలుగులో, అదే 50తో తీశాను. ఒళ్లో చేట, ముంజేతి మీద పచ్చబొట్టు. అప్పుడే ఎక్కించుకున్న ఒక రెడీమేడ్ ప్రీసెట్ (ఒక్క నొక్కుతో రంగులన్నీ మార్చేసే సెట్టింగుల కట్ట) వేశాను, స్కిన్ స్మూత్ చేశాను. ఒక ఛాయ తెల్లబడింది, ముడతలు పోయాయి. ప్రింటు తీసి ఇస్తే ఆమె చాలాసేపు చూసి, "నా పచ్చబొట్టు ఏదిరా?" అంది. ముడతలతోపాటు అదీ చెరిగిపోయింది. పదేళ్ల వయసులో పొడిపించుకున్న బొట్టు అది. రా ఫైల్ ఉంది కాబట్టి మళ్లీ మొదటి నుంచి చేశాను: ఛాయ ఆమెదే, ముడతలు ఆమెవే, పచ్చబొట్టు ఆకుపచ్చని గీతలతో సహా. ఇప్పుడు ఆమె లేదు. గోడ మీద ఆ రెండో ఫోటోయే ఉంది. ప్రీసెట్లలో చాలావాటికి నారింజ రంగు మీట పైకి లాగి ఉంటుంది, మన ఒంటిరంగు ఉండేది అక్కడే. పెళ్లిఫోటోలు తెరిచిన వెంటనే ఆ మీట సున్నాకి తెచ్చుకోండి. మీ అక్క మీ అక్కలాగే కనిపించాలి.

ఆల్బమ్ మీరే డిజైన్ చేస్తానంటే ఒక చిక్కు ఎదురుకావచ్చు: ఫోటోషాప్ పాత వెర్షన్లలో తెలుగు. "లక్ష్మి" అని కొడితే వత్తులు విడిపోయి పక్కపక్కన నిలబడతాయి. సెట్టింగ్స్‌లో టైప్ దగ్గర టెక్స్ట్ ఇంజిన్‌ని వరల్డ్-రెడీ లేఅవుట్‌కి మార్చి, ప్రోగ్రామ్ మూసి తెరిస్తే సరిగ్గా వస్తుంది. స్టూడియోలవాళ్లు ఇప్పటికీ అను ఫాంట్లు వాడతారు. అందంగానే ఉంటాయి, కానీ యూనికోడ్ కాదు కాబట్టి ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో పిచ్చి గీతలుగా కనిపిస్తాయి. సిలికానాంధ్ర విడుదల చేసిన రామభద్ర, మండలి, సురవరం లాంటివి ఉచితం. గింప్‌లో అయితే ఏ సెట్టింగూ మార్చకుండానే వత్తులు కుదురుతాయి. ఇక 12 ఇంటు 36 షీటు 300 డీపీఐలో 10,800 పిక్సెల్ పొడవు ఉంటుంది. మీ 24 మెగాపిక్సెల్ ఫోటో 6000 పిక్సెల్ వెడల్పే. ఒక్క ఫోటోనే షీటంతా సాగదీయకుండా రెండు మూడు కలిపి పెట్టండి. ల్యాబ్‌కి పంపేటప్పుడు రంగుల పద్ధతి (కలర్ స్పేస్) ఎస్‌ఆర్‌జీబీ ఎంచుకుని సేవ్ చేయండి, లేకపోతే ఎర్ర చీర వెలిసిపోయి వస్తుంది.

కాబట్టి నేనైతే ఈ వరసలో కొంటాను: బాడీ, 50 ఎఫ్ 1.8, రెండు కార్డులు, బయటి ఫ్లాష్, సిలికా జెల్ వేసే ఆ గాలి చొరబడని డబ్బా. 55-250 పెళ్లయ్యాక. ఫ్లాష్‌ని ముఖాల మీదకి కాకుండా ఇంట్లో తెల్ల శ్లాబు వైపు కొట్టండి, వెలుగు మెత్తగా దిగుతుంది. పెళ్లికి వారం ముందు ఒక రాత్రి ఆ హాలుకో పందిరి వేసే చోటికో వెళ్లి, అక్కని పీట వేసే చోట నిలబెట్టి షట్టర్ వంద, రెండు వందల యాభై రెండూ పెట్టి తీసి చూడండి. మాట్లాడుకున్న ఫోటోగ్రాఫర్‌తో ముందే చెప్పి ఆయన ఎడమ భుజం వెనక చోటు అడగండి, కాదనరు. ముహూర్తం అర్ధరాత్రి దాటాక అయితే రెండో బ్యాటరీ సాయంత్రమే ఛార్జి చేసి జేబులో వేసుకోండి.