గో-కార్ట్‌లో పెడల్ నొక్కితే వెనక్కి రావడం లేదు, ఎక్కడ చూడాలి?

ముందు ఇంజిన్ ఆపండి, ఇది సరయ్యేదాకా బండి ట్రాక్ మీదికి తీసుకెళ్లొద్దు. యాక్సిలరేటర్ ఇరుక్కుంటే, కార్బురేటర్ (ఇంజిన్‌కి గాలి, పెట్రోలు కలిపి పంపే భాగం) దగ్గర కేబుల్ ఊడదీసి పెడల్‌ని చేత్తో ఆడించండి. అప్పటికీ బిగుసుకునే ఉంటే తప్పు పెడల్ వైపుదో కేబుల్‌దో, హాయిగా ఆడితే కార్బురేటర్‌లోని థ్రాటిల్‌దో (గాలి దారిని తెరిచి మూసే మూత) దాన్ని వెనక్కి లాగే రిటర్న్ స్ప్రింగ్‌దో. పెడల్ వైపు అయితే ఎక్కువసార్లు పివట్ బోల్టు (పెడల్ తిరిగే ఇరుసు బోల్టు) అతిగా బిగించడం, మట్టి చేరడం, లేదా గుద్దుకున్నప్పుడు పెడల్ వంగి ఫ్రేమ్‌కి రాసుకోవడం కారణం.

కేబుల్‌ని మాత్రం శ్రద్ధగా చూడండి: లోపలి తీగ ఒక్క పోగు తెగినా అది గొట్టంలో అడ్డం పడి పట్టేస్తుంది, దానికి నూనె వేసి సరిపెట్టుకోకుండా కొత్తది వేయాల్సిందే. గొట్టం మరీ మెలిక తిరిగినా అంతే. పెడల్ దగ్గర ఒకటి, కార్బురేటర్ దగ్గర ఒకటి, రెండు స్ప్రింగులు ఉండాలని నా గట్టి అభిప్రాయం, ఒకటి తెగినా రెండోది కాపాడుతుంది.

బ్రేక్ పెడల్ అయితే స్ప్రింగ్, పివట్ చూశాక, పుష్‌రాడ్‌కి (పెడల్ నొక్కితే ముందుకు నెట్టే కడ్డీ) కొంచెం ఖాళీ ఉందో లేదో చూడండి. హైడ్రాలిక్ బ్రేక్‌లో తప్పు ఆయిల్ పోస్తే మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే బ్రేక్ ఆయిల్‌ని ఒత్తే భాగం) లోని రబ్బరు సీళ్లు ఉబ్బి ఇరుక్కుంటాయి. అన్నట్టు, బ్రేక్ డిస్క్ దగ్గర లూబ్రికెంట్ స్ప్రే అస్సలు కొట్టొద్దు.