ట్రైలర్ వదిలే ముందు ఒకసారి చదువు అల్లుడూ

అల్లుడూ,

నువ్వు పంపిన ట్రైలర్ మూడుసార్లు చూశాను. రెండు నిమిషాల్లో పదకొండు దెబ్బలు. మరి మొన్న లీలామహల్ సర్కిల్‌లో టీ తాగుతూ నువ్వు చెప్పిన కథ ఏమిటి? అన్న చావుకు తనే కారణమని కుమిలిపోయే మనిషి, సినిమా మొత్తంలో మూడేసార్లు చెయ్యెత్తుతాడన్నావు కదా. ఆ మనిషి ఇందులో ఎక్కడా కనపడలేదు నాకు.

చిత్తూరులో థియేటర్ మేనేజర్‌గా ఉన్నప్పుడు ఇట్లాంటిదే ఒకటి కళ్లారా చూశాను. పోస్టర్ నిండా వేటకొడవలి, సినిమాలో మాత్రం అది ఒక్కసారే కనిపిస్తుంది, అదీ హీరో దాన్ని బావిలో పారేసేటప్పుడు. మార్నింగ్ షోకి కుర్రాళ్లు జేబుల నిండా కాగితాలు చింపుకొని వచ్చారు, చల్లడానికి సందర్భమే రాలేదు, ఇంటర్వెల్‌లో సోడా బండి దగ్గర నన్ను పట్టుకుని "ఫైట్ ఎప్పుడన్నా?" అని అడిగారు. సెకండాఫ్‌లో తల్లీకొడుకులు మాట్లాడుకోకుండా అన్నం తినే సీన్ ఉంది, ఎంత బాగుంటుందో, హాల్లో మాత్రం ఒకటే ఈలలు. మధ్యాహ్నానికల్లా "స్లో అంట" అన్న మాట బస్టాండు దాకా పాకిపోయింది. ఆ పిల్లలను నేను తప్పు పట్టను. కొడవలి చూపించి పిలిచింది మేమే.

ఇది మన దగ్గరే కాదు. ‘డ్రైవ్’ అనే సినిమా 2011లో కేన్స్‌లో ఉత్తమ దర్శకుడి అవార్డు తెచ్చుకుంది, అదే ఏడాది అమెరికాలో ఒకావిడ ట్రైలర్ చూసి కార్ల ఛేజింగుల సినిమా అనుకుని వెళ్లి, తీరా డ్రైవింగే తక్కువుందని కోర్టుకెక్కింది. మన ‘1 నేనొక్కడినే’ 2014 సంక్రాంతికి వచ్చింది. తన గతం మీద తనకే నమ్మకం లేని మనిషి కథ అది, పండగ హడావుడిలో వచ్చిన జనానికి ఎక్కలేదు, రిలీజయ్యాక దాదాపు 20 నిమిషాలు కత్తిరించారు. తర్వాత టీవీలో చూసి మెచ్చుకున్నవాళ్లు మన ఇంట్లోనే ఉన్నారు. అదే ‘ఈగ’ చూడు, హీరో చనిపోయి ఈగగా పుడతాడని రాజమౌళి గారు ముందే చెప్పేశారు, ఇక నాని తెర మీద లేడని ఎవరు గొడవ చేస్తారు?

అందుకని ట్రైలర్ మొదటి నలభై సెకన్లు ఆ మనిషికే ఇవ్వు. అన్న చెప్పులు ఇంకా గుమ్మం దగ్గరే ఉంచుకున్నాడని చెప్పావే, ఆ షాట్ పెట్టు, దాని మీద మ్యూజిక్ వద్దు. ఫైట్ ఒక్కటి చాలు, అది కూడా కొట్టాక అతని చెయ్యి వణికేది చూపించు. సీడెడ్ బయ్యర్, అంటే మన రాయలసీమ హక్కులు కొనేవాడు, ఫైట్లతో నింపిన మాస్ కట్ కావాలని పట్టుబడతాడు, నాకు తెలుసు. ఆయనకు సినిమా మొత్తం వేసి చూపించు, అవసరమైతే రేటు కాస్త తగ్గించుకో. మొదటి మూడు రోజుల్లోనే డబ్బు రావాల్సిన లెక్కకు అమ్మావంటే మౌత్ టాక్ పాకే టైమే ఉండదు. పండగ డేట్ వద్దు. మార్నింగ్ షో టాక్ విని కంగారుపడి సీన్లు పీకేయొద్దు, దయచేసి.

కొత్త కట్ అయ్యాక నాకు కాదు, ముందు మీ అత్తకు చూపించు. కథ చెప్పకుండా, ఇది దేని గురించిన సినిమా అని అడుగు. ఆమె నోట ‘అన్న’ అనే మాట వస్తే ట్రైలర్ రిలీజ్ చెయ్.

మీ మామ
తిరుపతి