మీటరు చెప్పని వయసు

చిరంజీవి అమ్మడికి,

మామయ్య దీవించి రాయునది. నీ ఉత్తరం, ఫొటోలు అందాయి. కారును కడిగి, తుడిచి, ఎండ పడేలా నిలబెట్టి తీశారు. అమ్మకానికి పెట్టిన కారు ఫొటోలో మెరవకపోవడం నేనింతవరకు చూడలేదు కనుక వాటిని పక్కన పెట్టేశాను. నీ ప్రశ్న మాత్రం నచ్చింది: "ఎనిమిదేళ్ళ పెట్రోలు కారు, మీటరు 52,000 కిలోమీటర్లు చూపిస్తోంది. ఇంకా ఎన్నేళ్ళు వస్తుంది మామయ్యా?"

ముప్పై ఏళ్ళు ఇంజన్లు విప్పి బిగించినవాణ్ణి కాబట్టి ఒక అంకె చెప్పేస్తాననుకున్నావేమో. చూడకుండా అంకె చెప్పేవాడు నీకు కారు అమ్మాలనుకునేవాడే అయి ఉంటాడు. కారు ఒకనాడు ఉన్నట్లుండి ప్రాణం విడవదు. చేయించాల్సిన పనికి అయ్యే ఖర్చు కారు విలువను దాటిపోయిన రోజున యజమాని దాని మీద ఆశ వదులుకుంటాడు. దాని ఆయుష్షు అక్కడితో తీరినట్లే. అందుకని ఎన్నేళ్ళు వస్తుందని అడిగే బదులు, రాబోయే నాలుగైదేళ్ళలో ఏయే పెద్ద పనులు నీ మీద పడతాయని అడుగు. దానికి కారే జవాబు చెబుతుంది.

ఆయుష్షు తీర్చేవి మూడే: బాడీ ఇనుము, ఇంజను, గేర్‌బాక్సు. టైర్లు, బ్యాటరీ, బ్రేకు ప్యాడ్లు, షాక్ అబ్జార్బర్లు, ఏసీ అన్నీ మార్చుకోదగ్గవి. వాటిలో లోపం కనబడితే బేరం ఆడుకోవచ్చు. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. ఏసీ చల్లగా లేదని మంచి కారు వదిలేసి, సీటు కవర్లు బాగున్నాయని తుప్పు పట్టినది ఇంటికి తెచ్చుకుంటారు.

ముందు ఆ 52,000 సంగతి చూద్దాం. ఎనిమిదేళ్ళకు అంత అంటే ఏడాదికి 6,500. సొంత కారు మామూలుగా ఏడాదికి 10,000 నుంచి 15,000 కిలోమీటర్లు తిరుగుతుంది. తక్కువగా ఉన్నంత మాత్రాన అబద్ధమని అనలేం, కానీ సాక్ష్యం అడగాలి. డిజిటల్ మీటరులో అంకెలు మార్చడం తెలిసినవాడికి నిమిషాల పని. ఒంటి బరువు, చేతి చెమట చేసిన గుర్తులను చెరపడం అంత తేలిక కాదు. పెడళ్ళ మీది రబ్బరు చూడు. డ్రైవరు సీటులో తలుపు వైపు అంచు చూడు. ఎక్కినప్పుడూ దిగినప్పుడూ ఒరుసుకునేది అదే. స్టీరింగు చక్రం ఎక్కడ నున్నబడిందో తడిమి చూడు. 52,000 కిలోమీటర్లకే రబ్బరు మీది గీతలు పూర్తిగా అరిగిపోవు. చుట్టూ అన్నీ పాతబడి పెడళ్ళ రబ్బర్లు మాత్రం కొత్తగా ఉంటే ఇంకా ఎక్కువ అనుమానించు.

ఈ చివరి మాట అనుభవం మీద చెబుతున్నాను. పనిలో దిగి పదేళ్ళయ్యాక నేనే ఒక కారు కొన్నాను. మీటరు 38,000 చూపించింది. రబ్బర్లు కొత్తవి. శుభ్రమైన మనిషి కాబోలు అనుకుని ముచ్చటపడ్డాను. నాలుగు నెలలకే ఆయిలు తాగడం మొదలుపెట్టింది. ఇంజను విప్పితే, సిలిండరు గోడల మీద తయారీలో గీసే సన్నటి అడ్డగీతలు ఎక్కడా లేవు. అద్దంలా నునుపుదేలి ఉన్నాయి. ఎన్ని లక్షల కిలోమీటర్లు తిరిగిందో ఆ ఇంజనుకే తెలియాలి. మెకానిక్కును మోసం చేశారని చెప్పుకోవడానికి సిగ్గేసి చాలాకాలం మీ అత్తయ్యకు కూడా చెప్పలేదు.

టైరు పక్కభాగంలో చివరన నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరంలో 23వ వారం తయారైందని అర్థం. స్టెప్నీ మీద కూడా చూడు. అద్దాల మూలల్లోనూ తయారీ ఏడాది గుర్తు ఉంటుంది. ముందు అద్దం ఒక్కటే మారితే రాయి తగిలి ఉంటుంది, పరవాలేదు. ఒకే పక్క తలుపుల అద్దాలు రెండూ మారి ఉంటే ఆ పక్క దెబ్బ తిన్నదేమో అడగాలి. సర్వీసు కాగితాలన్నీ తేదీల వరసలో పేర్చి, ప్రతిదాని మీదా రాసిన కిలోమీటర్లు చదువు. ఎక్కడైనా అంకె వెనక్కి నడిచిందా, రెండు మూడేళ్ళు కాగితమే లేకుండా పోయిందా? అంతకంటే వేరే పరిశోధన అక్కర్లేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ 52,000 నిజమే అయినా అది గొప్ప శుభవార్తేమీ కాదు. ఎక్కిన ప్రతిసారీ రెండు కిలోమీటర్లే వెళ్ళి ఆగిపోయే కారులో ఇంజను పూర్తిగా వేడెక్కదు. లోపల చేరిన తేమ ఆవిరై పోదు, కాలని పెట్రోలు ఆయిల్లో కలుస్తుంది, ఆయిలు చెడుతుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేసిన తొలి నిమిషాల్లో అరుగుదల ఎక్కువగా ఉంటుంది. దూర ప్రయాణాల్లో 1,20,000 తిరిగి, ఆయిలు వేళకు మార్పించుకున్న కారు నాకు ఎదురైతే, ఇలాంటి 50,000 కారు కంటే దాన్నే తీసుకుంటాను. అర్వ్ గోర్డన్ అనే అమెరికా ఉపాధ్యాయుడు 1966లో కొత్తగా కొన్న వోల్వో పి1800ను 2013లో ముప్పై లక్షల మైళ్ళు దాటించాడు. మన లెక్కలో సుమారు 48 లక్షల కిలోమీటర్లు. మధ్యలో ఇంజను విప్పి బాగుచేయించాడు కూడా. ఆయన మంత్రమేమీ వేయలేదు. రోజూ దూరం నడిపాడు, ఆయిలు వేళకు మార్చాడు, కారును ఒకే చేతిలో ఉంచుకున్నాడు.

ఇప్పుడు ఇంజను. పొద్దున్నే, అమ్మే ఆయన స్టార్టు చేయకముందే వెళ్ళు. "ముందుగా వేడి చేసి ఉంచుతాను" అంటే వద్దని చెప్పు. చేరగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడు. చల్లగా ఉంటేనే పని మొదలు. ఆయిలు మట్టం చూపే కడ్డీని, అంటే డిప్‌స్టిక్‌ను, లాగి తుడిచి మళ్ళీ ముంచి చూడు. ఆయిలు నల్లగా ఉండడం తప్పు కాదు. మట్టం బాగా తగ్గి ఉంటే తప్పు. ఆయిలు పోసే చోటి మూత విప్పి లోపలివైపు చూడు. బంకలాంటి నల్లటి మడ్డి పేరుకుని ఉంటే ఆయిలు వేళకు మార్చలేదని అర్థం. మీగడలాంటి తెల్లటి నురుగు ఉంటే ఆయిల్లోకి నీళ్ళు చేరుతున్నాయని అనుమానం. చిన్న ప్రయాణాల కారుకు చలికాలంలో కొద్దిగా అలా రావచ్చు, అందుకని వెంటనే తీర్పు ఇవ్వకు. ఇంజనును చల్లబరిచే ద్రవం, కూలెంట్, కూడా చూడు. అది శుభ్రమైన రంగులో ఉండాలి. తుప్పు రంగులో ఉంటే దాన్ని వేళకు మార్చలేదేమో. పైన నూనె తెట్టు కనిపిస్తే ఇంజను పైభాగానికీ కిందిభాగానికీ మధ్య ఉండే సీలు, హెడ్ గ్యాస్కెట్, పోయి ఉండవచ్చు. కూలెంట్ మూత ఇంజను చల్లగా ఉన్నప్పుడే విప్పాలి, వేడిలో విప్పితే చెయ్యి కాలుతుంది.

తాళం తిప్పి, స్టార్టు చేయకుండా ఒక్క క్షణం ఆగు. హెచ్చరిక దీపాలన్నీ వెలగాలి. ఇంజను బొమ్మ ఉన్న దీపం అసలు వెలగలేదంటే దాన్ని కావాలనే ఆర్పి ఉంచారేమో. స్టార్టు కాగానే ఆయిలు దీపం రెండు మూడు సెకన్లలో ఆరిపోవాలి. నీతో ఎవరినైనా తీసుకెళ్ళి కారు వెనక నిలబెట్టు. చల్లటి ఉదయం సైలెన్సర్ నుంచి పల్చటి తెల్లటి ఆవిరి వచ్చి కాసేపటికి పోతే దాని గురించి పట్టించుకోకు. ఇంజను వేడెక్కాక కూడా దట్టంగా తెల్లపొగ వస్తూ తియ్యటి వాసన వేస్తుంటే కూలెంట్ కాలిపోతోంది. నీలిపొగ ఆయిలుది. స్టార్టు చేయగానే ఒక్క గుప్పెడు వచ్చి ఆగితే వాల్వు సీళ్ళు గట్టిబడ్డాయి, అది భరించదగ్గ పనే. పికప్ ఇచ్చినప్పుడల్లా వస్తుంటే పిస్టన్ రింగులు పోయాయి; ఇంటికి వచ్చేయి. నల్లపొగ అంటే పెట్రోలు ఎక్కువగా పోతోంది, చాలాసార్లు చిన్న పనితో సరిపోతుంది.

ఇంజను నడుస్తుండగా ఆయిలు మూత విప్పి పైన ఆనించి చూడమని నీతో తీసుకెళ్ళిన మెకానిక్కుకు చెప్పు. మూత కొంచెం అదిరితే సహజం. గుప్పుగుప్పున పొగ తోసుకువస్తుంటే దాన్ని మా వాళ్ళు బ్యాక్ కంప్రెషన్ అంటారు. ఆ ఇంజనుకు పెద్ద పని పడినట్లే. పైకి ఎంత బాగా నడిచినా సరే.

ఇంజనులో పిస్టన్లూ వాల్వులూ ఒకే లయలో కదిలేలా చూసేది టైమింగ్ బెల్టా, లేక గొలుసా (చైను) అని తప్పక అడుగు. బెల్టు అయితే ఎప్పుడు మార్చారో కాగితం చూపించమను. ఇంజనును బట్టి 60,000 నుంచి 1,60,000 కిలోమీటర్ల మధ్య మార్చాలంటారు, దానితోపాటు ఏళ్ళ గడువు కూడా పెడతారు. నీ కారు కిలోమీటర్లలో పడుచుదైనా ఏళ్ళలో గడువు దాటి ఉండవచ్చు. చాలా ఇంజన్లలో బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులను గుద్దుతాయి, ఆ ఒక్క క్షణంలో ఇంజను సగం పోతుంది. కాగితం లేకపోతే మార్చలేదనే లెక్కవేసి ఆ ఖర్చును ధరలో కలుపుకో. చైను అయితే చల్లటి స్టార్టులో గలగలమనే చప్పుడు ఉందేమో విను.

గేర్‌బాక్సుకు నడిపి చూడటమే పరీక్ష. మూడో గేరులో నెమ్మదిగా వెళ్తూ యాక్సిలరేటర్ గట్టిగా నొక్కు. ఇంజను చప్పుడు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. ఆటోమేటిక్ అయితే డ్రైవ్‌లోనూ రివర్స్‌లోనూ వేసిన తర్వాత కదలడానికి ఎంతసేపు తీసుకుంటుందో చూడు. ఆలస్యం, కుదుపు రెండూ చెడ్డవే. స్టీరింగు పూర్తిగా తిప్పి నెమ్మదిగా గుండ్రంగా తిరిగితే టకటక వినిపిస్తుందేమో చూడు. అది చక్రాన్ని తిప్పే కడ్డీ (డ్రైవ్‌షాఫ్టు) కీలు, మార్చుకోవచ్చు.

ఇక ఇనుము. ఇది నాకు అన్నింటికంటే ముఖ్యం, ఎందుకంటే ఇంజను దొరుకుతుంది, తుప్పు తిన్న ఛాసిస్‌కు మళ్ళీ పుట్టుక లేదు. కారును ర్యాంపు ఎక్కించకుండా కొనకు. తలుపుల కిందిభాగం, అడుగు పలకలు, డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంట, షాక్ అబ్జార్బర్లు పైన బిగించే చోటు చూడాలి. పైపైన ఎర్రటి దుమ్ములాంటి తుప్పు గీకితే పోతుంది. స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే లోపలికి దిగేది పోదు. కింద కొత్తగా నల్లరంగు దట్టంగా పూసి ఉంటే అది రక్షణకో, ముసుగుకో కనుక్కోవాలి. మెత్తటి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం తీసుకెళ్ళు. పుట్టీ పెట్టిన చోట అది పట్టు తప్పుతుంది. అల్యూమినియం, ప్లాస్టిక్ భాగాలకు ఎలాగూ అంటుకోదు, అది చూసి గాభరా పడకు. సీటు బెల్టును ఆఖరు దాకా లాగు. చివరలో బురద చార, సీట్ల కింద పట్టాలకు తుప్పు, లోపల ముక్కిపోయిన వాసన, ఈ మూడూ కలిసి కనిపిస్తే కారు వరదలో మునిగింది. ఎంత చవకైనా వద్దు. వైర్లలో చేరిన నీటి పని రెండేళ్ళ తర్వాత కూడా బయటపడుతూనే ఉంటుంది.

మెకానిక్కును తీసుకెళ్ళేటప్పుడు కారు కంప్యూటరులో నమోదైన తప్పులను చదివే స్కానర్ తెమ్మను. తప్పుల కోడ్లు ఏమీ లేవని సంతోషించవద్దు. నిన్ననే తుడిచేసి ఉండవచ్చు. అలా తుడిస్తే కారు తనలో తాను చేసుకునే పరీక్షలు పూర్తికాలేదని స్కానర్ చూపిస్తుంది. బ్యాటరీ తీసినా అలాగే వస్తుంది కాబట్టి మూడు నాలుగు రోజులు నడిచాక మళ్ళీ చూస్తామని అడగండి. ఒప్పుకోకపోతే కారణం నువ్వే ఊహించుకో. మెకానిక్కు నీవాడై ఉండాలి, అమ్మే ఆయన సిఫారసు చేసినవాడు కాకూడదు.

"ఎందుకు అమ్ముతున్నారు?" అని అడగకు. ఆ జవాబు అందరూ సిద్ధంగా ఉంచుకుంటారు. "చివరిసారి చేయించిన పెద్ద పని ఏమిటి?" అని అడుగు. ఎనిమిదేళ్ళలో ఏమీ చేయించాల్సిన అవసరం రాలేదని గొప్పగా చెబితే నాకు భయమేస్తుంది. కూలెంట్, బ్రేకు ఆయిలు, బెల్టులు అన్నీ నీకోసం దాచి ఉంచాడని దాని అర్థం. ఫలానా నెలలో ఫలానాది మార్పించానని విసుక్కుంటూ బిల్లు తీసేవాడి కారు దగ్గర కాసేపు ఎక్కువ నిలబడు.

పెట్రోలుతో పాటు కరెంటు మోటారు కూడా ఉండే హైబ్రిడ్ గురించి కూడా ఒక మాట అడిగావు. దాంట్లో పెద్ద బ్యాటరీయే నాలుగో ప్రాణం. చాలా కంపెనీలు దానికి 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్ల దాకా హామీ ఇస్తాయి. అది ఎన్నాళ్ళు మిగిలిందో, రెండో యజమానికి వర్తిస్తుందో రాతపూర్వకంగా తెలుసుకో. బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతం ఉందో కంపెనీ సర్వీసు కేంద్రంలో పరీక్ష చేయించకుండా ముందుకు పోకు.

చూసి వచ్చాక ఒక కాగితం మీద మూడు గళ్ళు గీయి: ఇప్పుడే చేయించాల్సినవి, రెండేళ్ళలో వచ్చేవి, ఆ తర్వాతవి. మెకానిక్కు దగ్గర ఖర్చులు అడిగి రాయి. మొదటి రెండు గళ్ళ మొత్తాన్ని కారు ధరకు కలుపు. ఆ డబ్బుకు ఇంతకంటే మంచి కారు వస్తుందంటే ఇది వదిలేయడమే. రాకపోతే, ఇనుము గట్టిగా ఉంటే, నీ కారు మరో ఏడెనిమిదేళ్ళు నిన్ను మోస్తుందని అప్పుడు నేను కూడా అంటాను. ఆ మోడలు తయారీ ఆపేశారేమో కూడా కనుక్కో. సామాన్లు దొరకని కారు ఎంత గట్టిదైనా షెడ్డులోనే ఉంటుంది.

ఆదివారం వెళ్తున్నానన్నావు. టైర్ల మీది నాలుగేసి అంకెలు, అద్దాల మూలలు, ఆయిలు మూత లోపలివైపు, పెడళ్ళు ఫొటోలు తీసి పంపు. కారు బయటి ఫొటోలు మళ్ళీ పంపవద్దు. అడ్వాన్సు అడిగితే మామయ్యతో మాట్లాడి చెబుతానని నా మీద పెట్టేయి. బానెట్ వేడిగా ఉంటే ఇంకేమీ చూడకు, ఇంకో రోజు వస్తామని చెప్పి వచ్చేయి.

ఆశీస్సులతో,
మామయ్య