ఫొటోలోని మసకను బట్టి దూరం చెప్పొచ్చా?

ప్రశ్న: మేం ఈసీఈ ఫైనలియర్ చదువుతున్నాం. ఒకే కెమెరాతో వస్తువు ఎంత దూరంలో ఉందో కొలవడం మా ప్రాజెక్టు. ఫోకస్ కుదిరిన ఫొటోలో హై ఫ్రీక్వెన్సీలు, అంటే సన్నటి వివరాలు ఎక్కువ, మసకబారితే తక్కువ అని చదివాం. 50 మి.మీ. లెన్స్ ఫోకస్‌ని రెండు మీటర్ల దగ్గర కదలకుండా పెట్టి, అట్టపెట్టెకు న్యూస్‌పేపర్ అంటించి, దాన్ని కొంచెం కొంచెంగా వెనక్కి జరుపుతూ ఫొటోలు తీశాం. ఒక్కోదానికి ఎఫ్ఎఫ్‌టీ (ఫొటోలో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో విడదీసే లెక్క) చేసి, హై ఫ్రీక్వెన్సీ ఎనర్జీకీ దూరానికీ గ్రాఫ్ గీస్తే చక్కగా వచ్చింది. అదే గ్రాఫ్‌తో స్టీలు టిఫిన్ బాక్సు దూరం చూస్తే మాత్రం పొంతన లేని జవాబు వస్తోంది. రివ్యూ దగ్గరపడింది. ఎక్కడ తేడా కొట్టింది సార్?
– నలుగురు విద్యార్థినులు, భీమవరం

జవాబు: ప్రోగ్రాంలో తప్పేమీ లేదమ్మా. దాన్ని వెతుక్కుంటూ నిద్ర పాడుచేసుకోకండి. మీ గ్రాఫ్ ఆ న్యూస్‌పేపర్‌కి మాత్రమే చెల్లుతుంది, అంతే. పేపరు నిండా సన్నటి అక్షరాలు, అంటే హై ఫ్రీక్వెన్సీలు దానికి పుట్టుకతోనే ఉన్నాయి. టిఫిన్ బాక్సు నున్నటిది. ఫోకస్ ఎంత బాగా కుదిరినా దాంట్లో అవి అంతంతమాత్రమే. మీ ప్రోగ్రాం దాన్ని చూసి, ఇదేదో బాగా మసకబారింది కాబట్టి చాలా దూరంలో ఉందని లెక్క కడుతుంది. సున్నం వేసిన గోడను చూపిస్తే ఇంకెక్కడుందంటుందో! దీనికి తోడు ఇంకో చిక్కు. పేపర్ని వెనక్కి జరిపేకొద్దీ ఫొటోలో అక్షరాలు చిన్నవవుతాయి, చిన్నవైతే ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది. ఒకపక్క మసక హై ఫ్రీక్వెన్సీలను తినేస్తుంటే, ఇంకోపక్క దూరం వాటిని పెంచుతోంది. మీరు గీసిన గీతలో ఈ రెండూ కలిసిపోయాయి.

ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర ఫొటోలో కనిపించే బలం అంటే, వస్తువుకు సొంతంగా ఉన్న బలాన్ని లెన్స్ మసక మిగిల్చిన వంతుతో గుణిస్తే వచ్చేది. మీకు కావలసింది ఆ రెండోది. మొదటిది ఎంతో తెలియకుండా రెండోది తేలదు. అందుకని కెమెరానూ ఫోకస్‌నూ కదపకుండా, ఎపర్చర్ (లెన్స్ రంధ్రం) ఒక్కటే మార్చి ఇంకో ఫొటో తీయండి. రంధ్రం పెద్దగా ఉండే ఎఫ్/1.8లో ఒకటి, చిన్నగా ఉండే ఎఫ్/8లో ఒకటి. రెండింటికీ ఎఫ్ఎఫ్‌టీ చేసి ఒకదాన్ని రెండోదానితో భాగించండి. వస్తువు తాలూకు సరుకు పైనా కిందా ఒకటే కాబట్టి కొట్టుడుపోతుంది. మిగిలేది రెండు మసకల నిష్పత్తి. అప్పుడు అక్కడ న్యూస్‌పేపర్ ఉందా, అరటిగెల ఉందా అన్నదానితో పనిలేదు. చిన్న ఎపర్చర్ ఫొటోను పెద్ద ఎపర్చర్ ఫొటోతో పోల్చే ఈ దారిని 1987లో అమెరికా పరిశోధకుడు అలెక్స్ పెంట్‌లాండ్ తన పరిశోధన పత్రంలో చూపించాడు. డెప్త్ ఫ్రమ్ డీఫోకస్ అని పేరు. 1990లలో ఐఐటీ బొంబాయిలో సుభాసిస్ చౌధురి, ఎ.ఎన్. రాజగోపాలన్ దీని మీద గట్టిగా పనిచేశారు. రివ్యూలో ఆ పేర్లు ప్రస్తావించండి, మీ గైడ్ గారు కూడా సంతోషిస్తారు.

ఇప్పుడు లెక్క. 50 మి.మీ. లెన్స్‌ని ఎఫ్/1.8లో తెరిస్తే రంధ్రం వ్యాసం దాదాపు 28 మి.మీ. ఫోకస్ రెండు మీటర్ల దగ్గర ఉన్నప్పుడు వేరే దూరంలో ఉన్న చుక్క సెన్సార్ మీద చుక్కగా పడదు, గుండ్రటి బిళ్లలా పరుచుకుంటుంది. ఆ బిళ్ల వ్యాసం కావాలంటే, వస్తువుకూ రెండు మీటర్లకూ ఉన్న తేడాను వస్తువు దూరంతో భాగించి 0.71 మి.మీ.తో (ఈ లెన్స్‌కీ ఈ ఫోకస్‌కీ వచ్చే అంకె) గుణించండి. పెట్టె 2.5 మీటర్ల దగ్గరుంటే తేడా 0.5, దాన్ని 2.5తో భాగిస్తే 0.2, బిళ్ల 0.14 మి.మీ. పిక్సెల్ 4 మైక్రాన్లనుకుంటే సుమారు 36 పిక్సెళ్ల బిళ్ల. ఎఫ్/8లో అయితే అదే 8 పిక్సెళ్లకు దిగుతుంది.

ఈ 36 పిక్సెళ్ల బిళ్ల ఫ్రీక్వెన్సీలను ఏం చేస్తుందో కళ్లారా చూడాలంటే నలుపు తెలుపు చారల కాగితం ఒకటి ప్రింట్ తీసి 2.5 మీటర్ల దగ్గర పెట్టండి. వెడల్పు చారలు కొంచెం పాలిపోయి కనిపిస్తాయి. నల్లచార 3 మి.మీ., తెల్లచార 3 మి.మీ. ఉన్నచోటికి వచ్చేసరికి చారలే ఉండవు, ఉత్త బూడిదరంగు. అంతకంటే సన్నవి పూర్తిగా పోవాలి కదా? పోవు! రెండూ కలిపి 4 మి.మీ. చిల్లర ఉన్నచోట చారలు పల్చగా మళ్లీ పైకి తేలతాయి. కాకపోతే నల్లచార ఉండాల్సిన చోట తెల్లది, తెల్లది ఉండాల్సిన చోట నల్లది. నేను కాలేజీ ల్యాబులో చేరకముందు కెమెరాల రిపేరు చేసేవాణ్ణి. షాపు గోడకు సీమెన్స్ స్టార్ అంటించి ఉండేది, మధ్యలోంచి అంచుదాకా నలుపు తెలుపు ఆకులున్న చక్రం. లెన్స్‌ని మెల్లగా ఫోకస్ తప్పిస్తే చక్రంలో ఒక బూడిద వలయం పుట్టి, దాని లోపలి ఆకులన్నీ రంగులు తారుమారు చేసుకునేవి. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాని వేడుక అది.

చారలు పూర్తిగా మాయమయ్యే ఆ ఫ్రీక్వెన్సీయే మీకు బంగారం. 512 × 512 పిక్సెళ్ల ముక్కకు ఎఫ్ఎఫ్‌టీ చేస్తే, నడుమ నుంచి 17వ గడి దగ్గర నల్లటి వలయం కనబడుతుంది. 1.22ని (గుండ్రటి బిళ్లకు వచ్చే స్థిరమైన అంకె) 512తో గుణించి 17తో భాగించండి. 36, 37 మధ్య వస్తుంది. అదే మీ బిళ్ల వ్యాసం, దాన్నుంచి దూరం. అయితే ఎఫ్/1.8లో ఏ లెన్సూ పుస్తకంలో గీసినంత చక్కని బిళ్లను ఇవ్వదు, అంచులు అటూ ఇటూగా ఉంటాయి. అందుకని తెలిసిన దూరాల్లో ఫొటోలు తీసి, ఎపర్చర్ల నిష్పత్తికీ దూరానికీ పట్టిక తయారు చేసుకోండి. ఇది మాత్రం వస్తువును బట్టి మారే గ్రాఫ్ కాదు, లెన్స్‌ది.

ఇంకా మీరు కాలుజారే చోట్లు కొన్నున్నాయి. జేపెగ్ వాడకండి. కెమెరా లోపలే షార్పెనింగ్ చేసి, మీరు కొలవాల్సిన ఫ్రీక్వెన్సీలనే పెంచి ఇస్తుంది. కెమెరా ఇలా చేయిపెట్టని రా ఫైలే తీసుకోండి. ఎఫ్/1.8కీ ఎఫ్/8కీ వెలుతురు ఇరవై రెట్లు తేడా, కాబట్టి సెకనులో వెయ్యో వంతు షట్టర్‌ని యాభయ్యో వంతుకు తేవాలి. ఆ వెయ్యో వంతులో ల్యాబు ట్యూబ్‌లైట్ల మినుకు ఫొటోలో అడ్డచారలై పడుతుంది, ఆ చారలు మీ ఎఫ్ఎఫ్‌టీలో కూర్చుంటాయి. పగటి వెలుగులో కిటికీ పక్కన తీయండి. ముక్కను ఎఫ్ఎఫ్‌టీకి పంపేముందు హాన్ విండోతో (అంచులను మెల్లగా సున్నాకి దించే గుణకాలు) గుణించండి, లేకపోతే అంచుల వల్ల స్పెక్ట్రమ్‌లో పెద్ద శిలువ గుర్తు వస్తుంది. సున్నాకి దగ్గరగా ఉన్న విలువలతో భాగించకండి, నాయిస్ తప్ప ఏమీ మిగలదు. స్టీలు డబ్బా మీది మెరుపులు మాత్రం భాగహారానికి కూడా లొంగవు, దానికి కాస్త గరుకు కాగితం ఏదైనా చుట్టండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివరికి మిగిలింది. 2.5 మీటర్ల దగ్గర వచ్చే మసకే 1.67 మీటర్ల దగ్గరా వస్తుంది, లెక్క వేసి చూసుకోండి. వస్తువు ఫోకస్‌కి ముందుందా వెనకుందా అన్నది మసక ఒక్కటే చెప్పలేదు. మీ పెట్టె ఎప్పుడూ వెనక్కే జరిగింది గనుక ఇది మీ కంటబడలేదు, ఎగ్జామినర్ ముందుకు జరపమంటే ఇరుక్కుంటారు. ఫోకస్‌ని లెన్స్ అనుమతించినంత దగ్గరికి తెచ్చి అక్కడే ఉంచేయండి. అప్పుడు వస్తువులన్నీ దాని వెనకే ఉంటాయి, గొడవ లేదు. 0.71 అన్న అంకె అప్పుడు మారుతుంది, మళ్లీ కట్టుకోవాలి.

ప్రశ్న: గోడ మీద గెంతే చిన్న సాలీడు ఈగ ఎంత దూరంలో ఉందో ఎలా అంచనా వేస్తుందని మా ఐదో తరగతి పిల్లాడు అడిగాడు. ఏం చెప్పను?
– ఒక ఉపాధ్యాయిని, ఖమ్మం

జవాబు: పిల్లాడికి నా ఆశీస్సులు చెప్పండి. భీమవరం అమ్మాయిల ప్రాజెక్టును ఆ సాలీడు ఎప్పుడో పూర్తిచేసేసింది. దాని రెండు పెద్ద కళ్లకు మన కళ్లలా ఒకే దృశ్యాన్ని కలిపి చూసే వీలు లేదు, తల ఊపి చూసుకోవడమూ లేదు. కానీ ఆ కళ్లలో రెటీనా నాలుగు పొరలుగా ఉంటుంది. ఆకుపచ్చ వెలుగు అట్టడుగు పొర మీద సరిగ్గా ఫోకస్ అవుతుంది, దానిపై పొర మీద ఎప్పుడూ మసకగానే పడుతుంది. ఈగ దగ్గరికొచ్చే కొద్దీ ఆ పైపొరలో మసక పెరుగుతుంది. ఒకటి సరైన బొమ్మ, ఒకటి మసక బొమ్మ, రెండూ ఒకేసారి!

జపాన్ పరిశోధకులు 2012లో దీన్ని భలే తెలివిగా తేల్చారు. సాలీడును ఎర్రటి వెలుగులో పెట్టారు. ఎరుపు లెన్స్‌లో తక్కువ వంగి ఇంకా లోపలికి వెళ్లి ఫోకస్ అవుతుంది, కాబట్టి పైపొరలో మసక ఎక్కువవుతుంది. ఎక్కువ మసకంటే దగ్గర అని సాలీడు నమ్మింది, గెంతు చాలక ఈగకు ఇవతలే పడింది. ఆకుపచ్చ వెలుగులో గురి తప్పలేదు.

ప్రశ్న: పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తుంటాను. ఆటోఫోకస్ కూడా ఇలాగే దూరం కనుక్కుంటుందా? ఫోన్ కెమెరాతో ప్లాటు కొలతలు తీయొచ్చా?
– ఒక ఫొటోగ్రాఫర్, కరీంనగర్

జవాబు: కాంట్రాస్ట్ ఆటోఫోకస్‌కి దూరం అక్కర్లేదు. హై ఫ్రీక్వెన్సీ పెరుగుతున్నంతసేపు లెన్స్‌ని జరుపుతూ పోతుంది, తగ్గగానే వెనక్కి వస్తుంది. తక్కువ వెలుతురులో లెన్స్ ముందుకూ వెనక్కూ ఊగులాడేది అందుకే. ఇప్పటి కెమెరాల్లో ఎక్కువగా ఉండే ఫేజ్ డిటెక్షన్ (లెన్స్ రెండు పక్కల నుంచి వచ్చే బొమ్మలను పోల్చేది) వేరే సంగతి. మసకను కొలిచి దూరం కట్టే పద్ధతిని పానసోనిక్ 2014లో జీహెచ్4తో తెచ్చింది. తన లెన్సులు ఎలా మసకబారతాయో ఆ లెక్కలు కెమెరాలోనే దాచుకుంటుంది, అందుకే వేరే కంపెనీ లెన్స్ తగిలిస్తే ఆ సదుపాయం పనిచేయదు.

ఫోన్‌తో ప్లాటు కొలవడం ఈ పద్ధతిలో అయ్యే పని కాదండీ. ఫోన్ లెన్స్ 5 మి.మీ., రంధ్రం 3 మి.మీ. కూడా ఉండదు. ఫోకస్ రెండు మీటర్ల దగ్గర పెడితే 20 మీటర్ల అవతలి రాయికీ 30 మీటర్ల అవతలి రాయికీ మసకలో తేడా పిక్సెల్‌లో పావు వంతు కూడా రాదు. ప్లాటుకు అవతల గ్రిల్ ఉంటే ఇంకో ఉపాయముంది. కడ్డీల మధ్య ఎడం 10 సెం.మీ. అనుకుంటే, 20 మీటర్ల నుంచి ఫొటోలో ఒక్కో ఎడం సుమారు 25 పిక్సెళ్లు పడుతుంది. కడ్డీలు వరసగా చాలా ఉంటే ఆ ఎడాన్ని ఎఫ్ఎఫ్‌టీ పిక్సెల్‌లో చిన్న వంతుదాకా పట్టిస్తుంది, దూరం బాగానే తేలుతుంది. గ్రిల్ మీకు ఎదురుగా ఉండాలి, ఏటవాలుగా ఉంటే లెక్క తప్పుతుంది. ఆ 10 సెం.మీ.ని ముందుగా టేపుతో మీరే కొలుచుకోవాలి మరి.