నడుము, కాళ్లు బిగుసుకుపోతున్నాయి... భయం వల్లేనంటున్నారు, నిజమేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అక్క వయసు 43 ఏళ్లు. ప్రభుత్వ పాఠశాలలో టీచరు. 36వ ఏట షుగర్ వచ్చింది. మొదట మాత్రలే ఇచ్చారు గానీ, రెండేళ్లు తిరక్కుండానే ఇన్సులిన్‌కు మార్చారు. థైరాయిడ్ మాత్ర కూడా వేసుకుంటుంది. మూడేళ్లుగా నడుము, తొడలు బిగుసుకుపోతున్నాయి. బడి గంట మోగినా, వెనక నుంచి హారన్ వినబడినా కాళ్లు ఒక్కసారిగా పట్టేసి నిలువునా పడిపోతోంది. ఇంట్లో గోడ పట్టుకుని నడుస్తుంది, రోడ్డు దాటాలంటే మాత్రం అడుగు పడదు. ఎమ్మారైలో ఏమీ లేదన్నారు. నడుము అరుగుదల అని ఒకరు, ఆందోళన జబ్బు అని మరొకరు మందులిచ్చారు. ఈమధ్య ఒక న్యూరాలజిస్టు రక్తపరీక్ష చేయించి, యాంటీ గ్యాడ్ 2000 కంటే ఎక్కువ ఉందని, ఇది స్టిఫ్ పర్సన్ సిండ్రోమ్ అని చెప్పి డయజెపామ్, బాక్లోఫెన్ మొదలుపెట్టారు. మందుల షాపతనేమో ఇవి నిద్రమాత్రలు, అలవాటైపోతాయి, ఆపేయమంటున్నాడు. ఇది గాయని సెలీన్ డియాన్‌కు వచ్చిన జబ్బేనా? నాకూ, అక్క పిల్లలకూ వస్తుందా? అక్క ఉద్యోగం మానేయాలా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అన్నిటికన్నా ముందు మందుల సంగతి చెబుతాను. డయజెపామ్, బాక్లోఫెన్‌లను మీ అంతట మీరు ఒక్క రోజు కూడా ఆపవద్దు. కొన్ని వారాలు వాడిన తర్వాత వీటిని హఠాత్తుగా మానేస్తే కండరాలు మునుపటికన్నా తీవ్రంగా బిగుసుకుపోవచ్చు, ఫిట్స్ రావచ్చు. బాక్లోఫెన్ విషయంలోనైతే తీవ్రమైన జ్వరం, మతిభ్రమ కలిగి ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం కూడా ఉంది. డయజెపామ్‌కు శరీరం అలవాటు పడుతుందన్న మాట నిజమే, దాన్ని నేను కాదనను. కానీ ఈ జబ్బులో దాన్ని నిద్ర కోసం ఇవ్వడం లేదు. తగ్గించవలసి వస్తే వైద్యుడే వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తారు. ఊరికి వెళ్లినప్పుడు, పండుగ సెలవుల్లో మాత్రలు అయిపోకుండా చూసుకోండి. చీటీ లేకుండా డయజెపామ్ ఇవ్వరు కాబట్టి ఆ చీటీని ఎప్పుడూ వెంట ఉంచుకోవాలి.

ఇది భయం వల్ల వచ్చిందా అన్నదే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం. మనం మోకాలు వంచాలంటే తొడ వెనక కండరం బిగియాలి, అదే సమయంలో ముందు కండరం సడలాలి. బిగించే సంకేతం ఎంత అవసరమో, దాన్ని ఆపి ఉంచే సంకేతమూ అంతే అవసరం. మెదడులో, వెన్నుపాములో ఆ ఆపే పనిని ప్రధానంగా గాబా అనే రసాయనం చేస్తుంది. బండికి బ్రేకు ఎలాంటిదో నాడీ వ్యవస్థకు అది అలాంటిది. గాబాను తయారుచేసే ఎంజైము పేరే గ్యాడ్. స్టిఫ్ పర్సన్ సిండ్రోమ్‌లో రోగనిరోధక వ్యవస్థ పొరబడి మన సొంత కణాల మీదికే తిరుగుతుంది, చాలామంది రక్తంలో ఈ గ్యాడ్‌కు వ్యతిరేకంగా యాంటీబాడీలు పెద్ద మొత్తంలో కనిపిస్తాయి. గాబా పని కుంటుపడేసరికి ముందు కండరం, వెనక కండరం రెండూ ఒకేసారి బిగుసుకుని వాటి మధ్య నడుము, కాళ్లు కదలలేని స్థితికి వస్తాయి. మామూలు మనిషిని కొద్దిగా ఉలిక్కిపడేలా చేసే శబ్దం ఈ రోగిలో ఒళ్లంతా పట్టేసేంత పని చేస్తుంది. పడేటప్పుడు చేతులు అడ్డం పెట్టుకునే వీలు కూడా ఉండదు కాబట్టి తలకు దెబ్బలు తగలడం, ఎముకలు విరగడం జరుగుతుంటాయి.

ఇక భయం గురించి. భయాన్ని, ఆందోళనను అదుపులో ఉంచడంలోనూ గాబాకు పెద్ద పాత్ర ఉంది. దానికి తోడు, నాలుగు సార్లు నడిరోడ్డు మీద నిలువునా పడిన మనిషికి రోడ్డు దాటాలంటే అడుగు పడకపోవడంలో వింతేముంది? పట్టుకోవడానికి గోడ ఉన్న చోట నడవగలిగి, ఆసరా లేని ఖాళీ చోట ఆగిపోవడం ఈ జబ్బులో తరచూ కనిపించే లక్షణమే. సరిగ్గా ఇదే లక్షణం రోగులను మానసిక వైద్యుల దగ్గరికి పంపి, ఏళ్ల తరబడి అసలు జబ్బును మరుగున పెడుతుంది. మీ అక్కగారు ఇన్నాళ్లూ ‘భయపడకు, ధైర్యంగా ఉండు’ అన్న మాటలు ఎన్ని విని ఉంటారో ఊహించగలను. ఆమె భయం నిజమైనదే, అయితే అది జబ్బుతో పాటు వచ్చింది. ఈ సంగతి ఇంట్లో అందరికీ, ఆమె తోటి టీచర్లకు కూడా తెలియాలి.

మీరు చెప్పిన షుగర్ వివరాలు కూడా ఈ నిర్ధారణ వైపే చూపుతున్నాయి. గ్యాడ్ ఎంజైము క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలలో కూడా ఉంటుంది. పెద్ద వయసులో వచ్చి, మాత్రలకు లొంగక త్వరగా ఇన్సులిన్ అవసరమయ్యే షుగర్ చాలాసార్లు టైప్ 1 కోవకే చెందుతుంది. స్టిఫ్ పర్సన్ సిండ్రోమ్ ఉన్నవారిలో సుమారు మూడో వంతు మందికి టైప్ 1 మధుమేహం ఉంటుంది. థైరాయిడ్ లోపం, బొల్లి, విటమిన్ బి12 ఒంటికి పట్టకపోవడం వల్ల వచ్చే రక్తహీనత కూడా కొందరిలో కలిసి కనిపిస్తాయి. కనుక మీ అక్కగారికి బి12 పరీక్ష చేయించకపోయి ఉంటే చేయించండి.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. టైప్ 1 షుగర్ ఉన్నవారిలో ఏ కండరాల జబ్బూ లేకపోయినా యాంటీ గ్యాడ్ కొంత పెరిగి ఉంటుంది. కాబట్టి పాజిటివ్ అన్న ఒక్క మాటతో ఈ జబ్బును నిర్ధారించకూడదు. స్టిఫ్ పర్సన్ సిండ్రోమ్‌లో ఆ అంకె షుగర్ రోగుల కంటే అనేక రెట్లు ఎక్కువగా, తరచూ 10,000 యూనిట్లు దాటి ఉంటుంది. మీ రిపోర్టులో 2000 కంటే ఎక్కువ అని రాశారంటే, ఆ పరీక్ష అంతకు మించి కొలవలేదని అర్థం. రక్తనమూనాను పలుచన చేసి అసలు అంకె ఎంతో చెప్పగలరా అని ల్యాబ్‌ను అడగమని మీ న్యూరాలజిస్టును కోరండి. ఒకసారి నిర్ధారణ అయ్యాక మాత్రం ఈ పరీక్షను నెలనెలా చేయించవలసిన పని లేదు, ఎందుకంటే అంకె పెరిగినంత మాత్రాన జబ్బు ముదిరినట్టు గానీ, తగ్గితే నయమైనట్టు గానీ కాదు. మనిషి ఎంత దూరం నడుస్తున్నారు, వారంలో ఎన్నిసార్లు పట్టేసింది, ఎన్నిసార్లు పడ్డారు అన్నవే అసలైన కొలతలు.

ఈఎంజీ అనే కండరాల పరీక్ష కూడా ఉపయోగపడుతుంది. సడలి ఉండమన్నప్పుడు కూడా నడుము, పొట్ట కండరాలు ఆగకుండా పనిచేస్తూ ఉండటం, ఎదురెదురు కండరాలు రెండూ ఒకేసారి బిగియడం ఇందులో నమోదవుతాయి. డయజెపామ్ వాడుతున్నవారిలో ఈ మార్పులు కనబడకపోవచ్చు. అలాగని పరీక్ష కోసం మాత్రలు మానేయవద్దు. ఎమ్మారైలో ఏమీ లేకపోవడం ఈ జబ్బులో సహజమే. వెన్నుపాము మీద ఒత్తిడి, మల్టిపుల్ స్క్లెరోసిస్ వంటి ఇతర కారణాలు లేవని తేల్చుకోవడానికే ఆ స్కాన్ తీస్తారు. ధనుర్వాతంలో కూడా ఈ ఆపే సంకేతాలే దెబ్బతింటాయి. కానీ అది గాయం తర్వాత కొద్ది రోజుల్లోనే, చాలావరకు దవడ బిగుసుకోవడంతో మొదలవుతుంది. మీ అక్కగారిలా మూడేళ్లు సాగదు. మరో ముఖ్యమైన విషయం, కొద్దిమందిలో ఎక్కడో దాగి ఉన్న క్యాన్సర్‌కు, ముఖ్యంగా రొమ్ము లేదా ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు, ప్రతిస్పందనగా ఈ బిగుతు వస్తుంది. వారిలో ఎక్కువగా యాంఫిఫైసిన్ అనే మరో యాంటీబాడీ కనిపిస్తుంది. మీ అక్కగారిలో గ్యాడ్ బాగా ఎక్కువగా ఉంది కనుక ఆ అవకాశం తక్కువే, అయినా ఒకసారి మామోగ్రామ్, ఛాతీ సీటీ స్కాన్ చేయించడం మంచిదని నా అభిప్రాయం.

ఈ జబ్బును 1956లో అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన మోర్ష్, వోల్ట్‌మన్ అనే వైద్యులు 14 మంది రోగుల వివరాలతో మొదట వర్ణించారు. పది లక్షల మందిలో ఒకరిద్దరికే కనిపించేంత అరుదైనది కావడంతో చాలామంది వైద్యులు దీన్ని పుస్తకాలలో చదవడమే తప్ప రోగిని చూసి ఉండరు. మగవారి కంటే ఆడవారిలో సుమారు రెండింతలు ఎక్కువ.

చికిత్సలో మొదటి మెట్టు మీ అక్కగారికి ఇప్పటికే మొదలైంది. డయజెపామ్ గాబా పనిని పెంచుతుంది, బాక్లోఫెన్ కూడా ఆ దారిలోనే మరో చోట పనిచేస్తుంది. ఈ జబ్బులో డయజెపామ్ మోతాదు మామూలుగా వాడే దానికన్నా చాలా ఎక్కువ కావలసి రావచ్చు, చీటీ చూసి మందుల షాపులో ఆశ్చర్యపోవడానికి కారణం ఇదే. మత్తు, తూలుడు ఉంటే డాక్టరుకు చెప్పండి. దగ్గు మందుల్లోని కోడీన్‌ను, ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలను వీటితో కలిపి వాడితే శ్వాస మందగించవచ్చు. ఆందోళనకని ఇంతకుముందు ఇచ్చిన మందుల చీటీలను కూడా న్యూరాలజిస్టుకు చూపించండి, డులాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ వంటివి కొందరిలో బిగుతును పెంచుతాయి.

మాత్రలతో చాలినంత ఫలితం లేకపోతే తర్వాతి మెట్టు ఐవీఐజీ. ఇది దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలను సెలైన్‌లా నరంలోకి ఎక్కించే చికిత్స. 2001లో వెలువడిన ఒక అధ్యయనంలో 16 మంది రోగులకు మూడు నెలలు దీన్ని, మరో మూడు నెలలు ఉత్తుత్తి మందును ఇచ్చి చూశారు. ఐవీఐజీ తీసుకున్న నెలల్లో బిగుతు తగ్గింది, ఆసరా లేకుండా నడవడం, ఇంటి పనులు చేసుకోవడం మెరుగైంది. శరీర బరువు కిలోకు 2 గ్రాముల చొప్పున రెండు నుంచి ఐదు రోజుల్లో ఎక్కిస్తారు, నెలకొకసారి చొప్పున కనీసం మూడు నెలలు చూస్తారు. 60 కిలోల మనిషికి ఒక విడతకు 120 గ్రాములు కావాలి, ఖర్చు లక్షల్లో ఉంటుంది కనుక బీమా సంగతి, ఎన్ని విడతలు పట్టవచ్చు అన్నది ముందే మాట్లాడుకోండి. దీనికి ముందు మూత్రపిండాల పరీక్ష తప్పనిసరి. ఇన్సులిన్ వాడుతున్నవారికి మరో హెచ్చరిక ఉంది. కొన్ని కంపెనీల ఐవీఐజీలో మాల్టోజ్ అనే చక్కెర ఉంటుంది, కొన్ని రకాల గ్లూకోమీటర్లు దాన్ని గ్లూకోజ్‌గా పొరబడి లేని షుగర్‌ను చూపిస్తాయి. ఆ అంకెను నమ్మి ఇన్సులిన్ పెంచితే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. కాబట్టి ఎక్కించే రోజుల్లో షుగర్‌ను ఎలా చూస్తారో ముందుగానే అడగండి. రిటుక్సిమాబ్ అనే మందు కొందరికి ఉపయోగపడుతోంది, అయితే 24 మందితో చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో అది ఉత్తుత్తి మందు కంటే స్పష్టంగా మెరుగని తేలలేదు. అందుకే దాన్ని మొదటే ఎంచుకోరు.

మర్దన విషయంలో దయచేసి జాగ్రత్తగా ఉండండి. నడుము పట్టేసిందని తొక్కించడం, ఎముకలు సరిచేస్తామనే వారి దగ్గర గట్టిగా విరిపించడం ఈ జబ్బులో హాని చేస్తాయి, ఊహించని స్పర్శ ఒక్కటే చాలు కండరాలు పట్టేయడానికి. గోరువెచ్చని నీళ్ల స్నానం, నెమ్మదిగా సాగదీసే వ్యాయామం మేలు చేస్తాయి. షుగర్ వల్ల పాదాలకు స్పర్శ తగ్గి ఉండవచ్చు కనుక నీళ్ల వేడిని మరొకరు చేత్తో చూడాలి. ఫిజియోథెరపిస్టుకు జబ్బు పేరు చెప్పి, తాకే ముందు ప్రతిసారీ మాటతో తెలియజేయమనండి. ఇంట్లో వెనక నుంచి పిలవవద్దు, ఎదురుగా వచ్చి మాట్లాడండి. ఫోన్ వైబ్రేషన్‌లో పెట్టండి, కుక్కర్ పెట్టేటప్పుడు ముందే చెప్పండి, బాత్రూములో పట్టుకోవడానికి కడ్డీ బిగించండి. దీపావళికి, ఊరేగింపుల్లో డీజేలు మోగే రోజుల్లో ఆమెను లోపలి గదిలో కూర్చోబెట్టి ఒకరు తోడుండాలి. ఛాతీ బిగుసుకుని ఊపిరాడకపోయినా, పట్టివేత సడలకుండా వరుసగా వస్తూ జ్వరం, విపరీతమైన చెమట తోడైనా ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయండి.

సెలీన్ డియాన్ తనకు ఈ జబ్బు ఉన్నట్టు 2022 డిసెంబరులో ప్రకటించారు, అవును, అదే జబ్బు. 2024 జూలైలో పారిస్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో ఆమె మళ్లీ పాడారు. అది సంతోషించదగిన విషయమే గానీ, మీ అక్కగారి కోలుకోవడాన్ని దానితో పోల్చి చూడవద్దు, ఎందుకంటే ఈ జబ్బు గమనం మనిషి మనిషికీ మారుతుంది. పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. దీర్ఘకాలం చికిత్స కావాలి, చికిత్సతో చాలామంది నడక మెరుగవుతుంది. ఇది తల్లి నుంచి పిల్లలకు నేరుగా సంక్రమించేది కాదు, అంటుకునేది అసలే కాదు. కుటుంబాలలో థైరాయిడ్, టైప్ 1 షుగర్ వంటి స్వీయ రోగనిరోధక జబ్బులు కాస్త ఎక్కువగా కనిపించవచ్చు. మీకు గానీ, పిల్లలకు గానీ ఏ లక్షణాలూ లేనప్పుడు యాంటీ గ్యాడ్ పరీక్ష చేయించవద్దని నా సలహా.

ఉద్యోగం విషయంలో ఇప్పుడే రాజీనామా ఆలోచన చేయవద్దు. మందుల మోతాదు కుదురుకునే వరకు, ఒకవేళ ఐవీఐజీ మొదలుపెడితే మూడు నెలల ఫలితం తెలిసే వరకు వైద్య సెలవు తీసుకోవడం మేలు. తర్వాత కింది అంతస్తులో, గంటకు దూరంగా ఉండే తరగతి గది ఇవ్వమని కోరుతూ న్యూరాలజిస్టుతో ఒక ఉత్తరం రాయించుకుని ప్రధానోపాధ్యాయులకు ఇవ్వండి. ఈసారి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు కండరాలు పట్టేసినప్పటి వీడియో ఒకటి ఫోన్‌లో తీసి తీసుకెళ్లండి. డాక్టరు గదిలో కూర్చున్న సమయంలో ఆమె మామూలుగానే కనిపించవచ్చు.