తొమ్మిదో పేజీలో ఉన్నవాళ్ళు

అమలాపురం,
కార్తీక పౌర్ణమి మర్నాడు.

అమ్మడూ,

నువ్వు పంపిన పన్నెండు పేజీలూ రెండుసార్లు చదివాను. డాగ్ హామర్‌షోల్డ్ చావు మీద నీకున్న అనుమానం నాకూ ఉంది. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి అంతటివాడు, కాంగో నుంచి విడిపోతామన్న కటాంగా ప్రాంతంలో యుద్ధం ఆపించడానికి మాటలాడదామని బయల్దేరి, 1961 సెప్టెంబరు 17 అర్ధరాత్రి దాటాక ఉత్తర రొడీషియా (ఇప్పటి జాంబియా)లోని ఎన్‌డోలా దగ్గర అడవిలో విమానంతో సహా కూలిపోతే, "పైలట్ పొరపాటు" అని రాసేసి కాగితాలు కట్టకట్టేస్తామంటే ఎవరికైనా కడుపు రగులుతుంది. నువ్వు అడగడం మానకు. కానీ నీ మొదటి వాక్యమే "ఆయన్ని హత్య చేశారు" అని ఉంది. ఆ వాక్యం కొట్టెయ్.

కోపం తెచ్చుకోకు, ఎందుకో చెప్తాను. నువ్వు తప్పు పడుతున్న రొడీషియా విచారణ కమిషన్ చేసింది ఏమిటి? జవాబు ముందే జేబులో పెట్టుకుని, దానికి అతకని సాక్షిని పక్కకి నెట్టింది. నువ్వూ జవాబుతోనే మొదలెడితే, చదివేవాడు నీ జవాబుని వాళ్ళ జవాబు పక్కన పెట్టి, తనకి నచ్చినదాన్ని తీసుకుని వెళ్ళిపోతాడు. ప్రశ్న అక్కడే మిగిలిపోతుంది.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు కోర్టులో టైపిస్టుగా చేశానని నీకు తెలుసు గానీ, ఆ పని ఎలా ఉండేదో ఎప్పుడూ చెప్పలేదు. సాక్షి బోనులో నిలబడి తెలుగులో చెప్తాడు. జడ్జిగారు దాన్ని ఇంగ్లీషు చేసి నాకు చెప్తారు. నేను రెమింగ్టన్ మీద కొడతాను, కింద మూడు కార్బన్ కాపీలు. చివర్లో "చదివి వినిపించగా సరియని ఒప్పుకొనెను" అనే అర్థం వచ్చే ముక్క ఒకటి, దాని కింద వేలిముద్ర. సాక్షి నోట్లోంచి వచ్చిన మాటకీ కాగితం మీద పడిన మాటకీ మధ్య ఇంత దారి ఉంటుంది.

ఒకసారి గౌతమి పాయలో మునిగి చనిపోయిన ఒకాయన కేసు వచ్చింది. శవ పంచనామాలో "రేవు మెట్ల మీద కాలు జారి" అని ఉంది. ఆ పూట పక్క కొబ్బరితోటలో దింపు తీస్తున్న కూలీ ఒకతను చెట్టు మీంచి చూశాడు. పోలీసులు అతన్ని అడగలేదు. చాలా రోజులకి ఎవరో పట్టుకొచ్చి బోనెక్కించారు. మోకాళ్ళ లోపలి వైపు చెట్టు రాసుకుని నల్లగా కాయలు కట్టి ఉన్నాయి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. "జారలేదండి. వెనక్కి వెనక్కి అడుగులేసుకుంటా నీళ్ళల్లోకి దిగిపోయాడండి" అన్నాడు. ఇంగ్లీషులో అది "వెనక్కి పడ్డాడు" అయింది. నా వేళ్ళు ఆగాయి. తలెత్తి చూశాను. ఎవరూ నాకేసి చూడటం లేదు. అలాగే టైపు కొట్టేశాను.

మనిషి ఊరికే వెనక్కి అడుగులెయ్యడు. ఎదురుగా ఏదో ఉండాలి. మనిషే ఉన్నాడో, పిచ్చికుక్కే ఉందో, పామే ఉందో నాకు తెలియదు. హత్య అని నేను ఈరోజుకీ అనను. కానీ "ఎదురుగా ఏముంది?" అని అడగడానికి వీలిచ్చే ఒక్క మాటా నా చేతిమీదుగా చెరిగిపోయింది. అందుకే నీ కాగితాల్లో, విమానం కూలిన అడవిలో బొగ్గు కాల్చుకునేవాళ్ళ కోసం ముందు వెతికాను.

తొమ్మిదో పేజీలో కనిపించారు. నాలుగు వాక్యాలు. మొదటి పేజీలో ఎవరున్నారు? అమెరికా మాజీ అధ్యక్షుడు ట్రూమన్. ఆయన పత్రికలవాళ్ళతో "ఆయన ఏదో సాధించబోతుండగా వాళ్ళు చంపేశారు" అన్న మాట. అమ్మడూ, ట్రూమన్ ఎన్‌డోలాలో లేడు. ఆయన ఎవరి నోట విన్నాడో, ఏం చూసి అన్నాడో ఆయన విప్పి చెప్పలేదు. ఆ రాత్రి అడవిలో బొగ్గు బట్టీల దగ్గర మేలుకుని, తలెత్తి ఆకాశం చూసినవాళ్ళు వేరే ఉన్నారు. పెద్ద విమానం వెనకాల ఇంకో చిన్న విమానం చూశామన్నారు కొందరు. మెరుపులాంటిది చూశామన్నారు కొందరు. వాళ్ళు ఆఫ్రికన్లు, చదువులేనివాళ్ళు, పేదవాళ్ళు. తెల్లవాళ్ళ ప్రభుత్వం నడుపుతున్న విచారణలో వాళ్ళ మాట నమ్మదగ్గది కాదన్నారు. పైగా శకలాల్లోంచి వస్తువులు తీశారని కొందర్ని జైల్లో పెట్టారు. జైలు చూసిన ఊళ్ళో ఇంకెవడు ముందుకొచ్చి నోరు విప్పుతాడు? యాభై ఏళ్ళ తర్వాత యోరాన్ బ్యోర్క్‌డాల్ అనే స్వీడన్ పరిశోధకుడు ఊరూరా తిరిగి, బతికున్నవాళ్ళ దగ్గర కూచుని అడిగితే అప్పుడు చెప్పారు.

ట్రూమన్‌ని ముందు, బొగ్గువాళ్ళని తొమ్మిదో పేజీలో పెట్టడం నువ్వు కావాలని చెయ్యలేదని నాకు తెలుసు. చెయ్యి అలవాటుగా అలా పోతుంది. అప్పుడు నా వేళ్ళూ అలాగే పోయాయి. వాళ్ళని మొదటి పేజీకి తీసుకురా. తెచ్చేటప్పుడు ఒక జాగ్రత్త. 1961లో చెప్పినదాన్ని ఒక చోట, యాభై ఏళ్ళకి చెప్పినదాన్ని వేరే చోట రాయి. రెండూ కలిపేస్తే ముసలి జ్ఞాపకం మీద వచ్చే అనుమానం పాత వాంగ్మూలానికీ అంటుకుంటుంది. వాళ్ళ మాట ఏ భాషలో మొదలై ఏ భాషలో కాగితం ఎక్కిందో అది కూడా చూడు.

ఇక "అధికారిక కథనం" అని పదే పదే రాశావు. ఒక్కటే అన్నట్టు రాశావు. 1962లో మూడు నివేదికలొచ్చాయి. రొడీషియా విమాన ప్రమాద విచారణ బోర్డుది ఒకటి, అక్కడి కమిషన్‌ది ఒకటి, ఐక్యరాజ్యసమితి సొంతంగా వేసిన కమిషన్‌ది ఒకటి. పైలట్ పొరపాటే అని గట్టిగా చెప్పింది రొడీషియా కమిషన్. ఐక్యరాజ్యసమితి కమిషన్ మాత్రం విద్రోహాన్నీ దాడినీ కొట్టిపారెయ్యలేమని చెప్పి తలుపు తెరిచే ఉంచింది. నీ పోట్లాట ఎవరితోనో వాళ్ళ పేరే రాయి. అందర్నీ ఒకే గాటన కడితే నీ పక్షాన సగం దూరం వచ్చినవాడిని కూడా శత్రువుని చేసుకుంటావు.

అన్నిటికన్నా నన్ను కదిలించింది హెరాల్డ్ జూలియన్. విమానంలో 16 మంది. 15 మంది అక్కడే పోయారు. భద్రతాధికారి జూలియన్ ఒళ్ళంతా కాలి, ఎండలో పడి ఉన్నాడు. అర్ధరాత్రి దాటి పది నిమిషాలకి పైలట్ విమానాశ్రయం దీపాలు కనిపిస్తున్నాయని రేడియోలో చెప్పాడు. శకలాలు దొరికింది మధ్యాహ్నం మూడు దాటాక. విమానాశ్రయానికి సుమారు 15 కిలోమీటర్లు, సైకిలు తొక్కే మనిషి గంటలో పోయే దూరం. ప్రధాన కార్యదర్శి ఇంకెటో వెళ్ళిపోయి ఉంటాడనుకున్నామన్నారు అధికారులు. ఆ పదిహేను గంటల గురించి నువ్వు ఒక్క పేరా రాశావు. నేనైతే రెండు పేజీలు రాస్తాను. ఎవరు కూల్చారో తెలియకపోయినా, ఎవరు వెతకలేదో తెలుసు కదా.

జూలియన్ ఆసుపత్రిలో సెప్టెంబరు 23 దాకా బతికాడు. పేలుడు జరిగిందనీ, విమానం చాలా వేగంగా పోయిందనీ, చుట్టూ చిన్న చిన్న పేలుళ్ళనీ చెప్పాడు. మత్తుమందు మీద ఉన్న మనిషి పలవరింత అని కమిషన్ తోసేసింది. వైద్యం చేసిన యువ డాక్టరొకాయన మాత్రం జూలియన్ తెలివిలోనే మాట్లాడాడని తర్వాత చెప్పాడు. మన దగ్గర మరణ వాంగ్మూలానికి ఎంత విలువుందో నీకు చెప్పాలి. 2024 జూలై దాకా అమల్లో ఉన్న 1872 సాక్ష్య చట్టం 32వ సెక్షన్ కింద, పోయేముందు తన చావుకి కారణం ఏమిటో మనిషి చెప్పిన మాట సాక్ష్యమే అయ్యేది. మా దగ్గరికి వచ్చిన కాగితాల్లో మేజిస్ట్రేటు రాసుకున్న ప్రశ్నలూ జవాబులూ ఉండేవి, పైనా కిందా డాక్టరు సంతకం, "స్పృహలో ఉన్నాడు, చెప్పగల స్థితిలో ఉన్నాడు" అని. అలాంటివి టైపు కొట్టిన రోజు నాకు అన్నం దిగేది కాదు. అందుకే నువ్వు జూలియన్ మాటకి "సంచలన" అని విశేషణం తగిలిస్తే బాధేసింది. ఆ మనిషి ఏ రోజున, ఎవరితో, ఏ మందు ఎక్కించాక, ఏ ప్రశ్నకి అలా అన్నాడో వరసగా పెట్టు. విశేషణం తీసెయ్.

నీకు ఇష్టం లేని విషయాలు నువ్వే ముందు చెప్పాలి. విమానం చక్రాలు దించి ఉన్నాయి, రెక్కల వెనకుండే ఫ్లాపులు దిగడానికి పెట్టి ఉన్నాయి. అంటే మామూలుగా దిగుతూ చెట్లకి తగిలిందనే వాదనకి బలం ఉంది. ఇద్దరు కాపలా సైనికుల ఒంట్లో తూటాలు దొరికాయని రాశావు, బాగుంది. మంటల్లో సొంత తూటాలే పేలాయనీ, తుపాకీ గొట్టంలోంచి వచ్చిన గీతలు వాటి మీద లేవనీ చెప్పిన సంగతి ఎందుకు వదిలేశావు? ఆ 17వ తేదీ ఉదయమే కటాంగా రాజధాని ఎలిజబెత్‌విల్‌లో ఆ విమానం మీద కాల్పులు జరిగి మరమ్మతు చేశారు, తర్వాత కొంతసేపు కాపలా లేకుండా ఉంది. ఇది నీ పక్షానికి పనికొచ్చే ముక్క. రెండూ పక్కపక్కన పెడితే రెండోది ఇంకా బరువుగా కనిపిస్తుంది. ప్రధాన కార్యదర్శి శవం కాలరులో పేకముక్క ఉందన్న కథతో మూడో పేజీ మొదలెట్టావు, అది తీసెయ్. చదివేవాడికి అదొక్కటే గుర్తుంటుంది, జూలియన్ గుర్తుండడు.

గడియారం సంగతి ఒకటి. విమానం బయల్దేరిన లియోపోల్డ్‌విల్ టైముకీ ఎన్‌డోలా టైముకీ గంట తేడా. నువ్వు ఒక పేజీలో అదీ ఒక పేజీలో ఇదీ వాడావు, అందుకే నీ లెక్కలో ఒక గంట మాయమైంది. ఆ గంట మీద ఒక అనుమానం కూడా కట్టావు.

2013లో సెడ్లీ అనే రిటైరు జడ్జిగారి అధ్యక్షతన స్వచ్ఛందంగా ఏర్పడ్డ కమిషన్, కొత్త సాక్ష్యం ఉంది కాబట్టి మళ్ళీ విచారించాలంది. తర్వాత ఐక్యరాజ్యసమితి ఈ పనిని టాంజానియా మాజీ ప్రధాన న్యాయమూర్తి మహమ్మద్ చాందే ఉస్మాన్‌కి అప్పగించింది. 2017 నివేదికలో ఆయన, బయటి దాడో బెదిరింపో కారణమై ఉండొచ్చన్నది నమ్మదగ్గదిగానే కనిపిస్తోందన్నాడు. "నమ్మదగ్గది" అన్నాడు, "రుజువైంది" అనలేదు. ఆ మాట ఎంత తూచి వేశాడో చూడు, నీ మొదటి వాక్యం అక్కడ నేర్చుకో. తమ దగ్గరున్న రహస్య కాగితాలు పూర్తిగా బయటపెట్టమని బ్రిటన్, అమెరికా, దక్షిణాఫ్రికాలని ఆయన పదే పదే అడిగాడు. నీ ఆఖరి పేజీలో కోపమంతా అటు తిప్పు. అరవై ఏళ్ళు దాటాక కూడా బీరువా తాళం తియ్యరేమని అడగడానికి ఎవరినీ హంతకుడని అనక్కర్లేదు.

ఎక్కడో ఆఫ్రికా సంగతి మనకెందుకని మీ నాన్న అన్నాడట. ఆ సెప్టెంబరులో కటాంగాలో ఐక్యరాజ్యసమితి తరఫున ఉన్నవాళ్ళలో మన సైనికులూ ఉన్నారని చెప్పు. కెప్టెన్ గుర్‌బచన్ సింగ్ సలారియా అదే ఏడాది డిసెంబరు 5న ఎలిజబెత్‌విల్‌లో పోరాడుతూ పోయాడు, పరమవీర చక్ర ఇచ్చారు. ఆ మాట వింటే మీ నాన్న ఊరుకుంటాడు.

ముందు జూలియన్ పేజీ, బొగ్గువాళ్ళ పేజీ తిరగరాసి పంపు. మిగతావి సంక్రాంతికి వచ్చినప్పుడు కూచుని చూద్దాం. అక్షరం కాస్త పెద్దది పెట్టు, శుక్లం తీయించుకున్న కంటికి సన్నది ఇంకా ఆనడం లేదు.

మీ అమ్మమ్మ