లక్ష్యం తప్పిన రోజు ఏం చేస్తారో ముందు చెప్పండి

ప్రశ్న: రెండేళ్ల కిందట ఈటింగ్ డిజార్డర్ నుంచి బయటపడ్డాను. ఇప్పుడు జిమ్‌లో చేరి కొంచెం బరువు తగ్గాలనుకుంటున్నాను. ఎన్ని కిలోలు, ఎన్ని నెలల్లో అని టార్గెట్ పెట్టుకుంటే సేఫ్?

మీ ప్రశ్నలో "ఎన్ని కిలోలు" అన్న మాట దగ్గరే నా గుండె ఝల్లుమంది. ఒకప్పుడు నేనూ అచ్చం ఇలాగే అడిగాను. నాకు అనొరెక్సియా ఉండేది, అంటే లావైపోతానన్న భయంతో తిండి మానేసే జబ్బు. పంతొమ్మిదో ఏట మొదలై ఆరేళ్లు పట్టి పీడించింది. ట్రీట్‌మెంట్ పూర్తయి, మామూలుగా తింటూ ఏడాదిన్నర గడిచాక, ఇక నాకేం లేదనుకుని ఒక టార్గెట్ పెట్టుకున్నాను. కిలోల జోలికి పోకూడదని అప్పటికే తెలుసు కాబట్టి అడుగులు ఎంచుకున్నాను. రోజుకు పదివేలు. ఇంతకంటే నిరపాయమైన టార్గెట్ ఇంకేముంటుంది అనుకున్నాను.

ఒక ఫిట్‌నెస్ వాచీ కొన్నాను. మొదటి నెల నిజంగా బాగుంది, నిద్ర కూడా బాగా పట్టేది. మూడో నెలకి పరిస్థితి ఎక్కడికి వచ్చిందో ఒక్క రాత్రి సంగతి చెబితే మీకు అర్థమైపోతుంది.

ఆ రోజు సాయంత్రం వాచీలో చార్జింగ్ అయిపోయింది. దాన్ని ఇంట్లోనే చార్జింగ్‌కి పెట్టి, చెల్లితో కలిసి ముప్పావు గంట నడిచి వచ్చాను. ఇద్దరం కబుర్లలో పడి ఎంత దూరం వెళ్లామో కూడా చూసుకోలేదు. రాత్రి పడుకోబోతూ వాచీ పెట్టుకుంటే అంకె 5,900 దగ్గరే ఆగిపోయి ఉంది. చెల్లి నిద్రపోయేదాకా ఆగాను. లైటు వేయకుండా, చెప్పులు లేకుండా, మంచానికీ తలుపుకీ మధ్య ఉన్న కాస్త జాగాలో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాను. అప్పటికే రెండు వారాలుగా ఎడమ పాదం మీద ఒక చోట నొప్పి. అక్కడ వేలితో నొక్కితే ప్రాణం పోయినట్టుండేది. అందుకని ఆ కాలు మడమ మీదే ఆనిస్తూ తిరిగాను. పన్నెండు దాటితే వాచీ మళ్లీ సున్నా నుంచి మొదలుపెడుతుంది, ఆలోపు పూర్తి చేయాలని టెన్షన్.

పదకొండు నలభైకి లైటు వెలిగింది. చెల్లి మంచం మీద లేచి కూర్చుని ఉంది.

"సాయంత్రం నడిచాం కదక్కా."

"అది లెక్కలోకి రాలేదే."

ఆ మాట నా నోటి నుంచి వచ్చాక నాకే ఒళ్లు జలదరించింది. నడిచింది నా కాళ్లే. పక్కన నడిచిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంది. అయినా అది లెక్కలోకి రాలేదంటున్నాను. జబ్బు ముదిరిన రోజుల్లో తిండి గురించి రోజుకి పదిసార్లు ఇదే మాట అనుకునేదాన్ని, ఇది లెక్కలోకి వస్తుంది, అది రాదు అని. చెల్లి ఇంకేం అనలేదు. లేచి వచ్చి నా చేతి నుంచి వాచీ విప్పి తన దిండు కింద పెట్టుకుంది. ఇంకా ఏడు వందల అడుగులు మిగిలే ఉన్నాయి. పడుకున్నానే కానీ పన్నెండు దాటేదాకా నాకు కన్ను మూతపడలేదు.

ఆ పదివేల అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత తెలిసి చాలా కోపం వచ్చింది. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే మీటరు అమ్మకానికి తెచ్చింది. దాని పేరు మాన్‌పో-కెయ్, అంటే పదివేల అడుగుల మీటరు అని. ఒక వస్తువుకి పెట్టిన పేరులోని అంకె అలా లోకమంతా పాకింది. దాని కోసం నేను చీకట్లో కుంటుతూ తిరిగాను.

పాదం నొప్పి తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. ఎంఆర్ఐ తీస్తే పాదం ఎముకలో సన్నటి పగులు కనిపించింది. ఎముకల సాంద్రత పరీక్ష కూడా చేయించారు, తక్కువగా ఉంది. కారణం డాక్టర్ విడమరిచి చెప్పారు. ఎముక గట్టిపడేది దాదాపు ఇరవైల చివరి దాకానే. సరిగ్గా ఆ వయసులో నేను తిండి మానేశాను, నెలసరి ఆగిపోయింది, ఈస్ట్రోజెన్ హార్మోన్ పడిపోయింది, ఎముకకి అందాల్సింది అందలేదు. బరువు ఏడాదిలో తిరిగి వచ్చింది కానీ ఎముక దానితో పాటు రాలేదు. పైకి చూస్తే నేను పూర్తిగా కోలుకున్న మనిషినే. మీరు జిమ్‌లో చేరేముందు నేను మొట్టమొదట అడిగేది ఇదే. మీ ఎముకల సంగతి ఎవరైనా చూశారా? మీరు మగవాళ్లైనా సరే అడుగుతాను, ఎందుకంటే తిండి చాలని మగవాళ్లలో టెస్టోస్టెరాన్ పడిపోయి ఎముక ఇలాగే బలహీనపడుతుంది. తిన్నదాంట్లో వ్యాయామానికి పోగా ఒంటికి మిగిలేది చాలకపోతే వచ్చే ఈ మొత్తం ఇబ్బందికి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. పెద్ద పెద్ద క్రీడాకారులకే ఈ ఇబ్బంది వస్తుంటే మనలాంటివాళ్లం ఎంత జాగ్రత్తగా ఉండాలో చూడండి.

ఆ వారం డైటీషియన్ దగ్గర వాచీ సంగతంతా చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు. ఒకటే అడిగారు. "టార్గెట్ తప్పిన రోజు మీరేం చేస్తారు?" మర్నాడు కలిపి నడుస్తానండీ అన్నాను. "మరి ఆ రోజు రాత్రి భోజనం?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఉంది కానీ నోటితో చెప్పలేకపోయాను.

మీ ప్రశ్నకి నా సమాధానం అక్కడే ఉంది. టార్గెట్ సేఫా కాదా అన్నది అంకె చిన్నదా పెద్దదా అని చూస్తే తెలియదు. అది తప్పిన రోజు మీరు మామూలుగా తిని, మామూలుగా పడుకోగలిగితే సేఫ్. ఆ రోజు తిండిలో కోత పడినా, మర్నాడు రెట్టింపు చేయాలనిపించినా, ఎవరికీ చెప్పకుండా దాచాలనిపించినా, అది ఎంత చిన్న టార్గెట్ అయినా మీకు పనికిరాదు. నెలకి అరకిలో అనేది పుస్తకాల ప్రకారం ఎంతో మితమైన అంకె కావచ్చు. మనలాంటివాళ్ల చేతిలో పడితే అదే కత్తవుతుంది.

బరువు తగ్గాలన్న మాట దగ్గరికి వస్తాను. కోలుకున్న మొదటి కొన్నేళ్లు మనంతట మనం బరువు తగ్గించే టార్గెట్ పెట్టుకోనే కూడదు. ఇది నా గట్టి నమ్మకం, ఎవరు కాదన్నా మార్చుకోను. వేరే జబ్బు వల్ల నిజంగా తగ్గాల్సి వస్తే, మీ పాత జబ్బు సంగతి తెలిసిన డాక్టర్ ఆ మాట చెప్పాలి. ఆ అంకె కూడా వాళ్ల ఫైల్లోనే ఉండాలి, మీ ఫోన్లో కాదు. ఎందుకింత మొండిగా చెబుతున్నానంటే, ఆకలి మనసుని మార్చేస్తుంది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకుల మీద ఒక ప్రయోగం చేశాడు. 24 వారాల పాటు వాళ్ల తిండిని దాదాపు సగానికి తగ్గించారు. బరువులో పావు వంతు దాకా పోయింది. అందరూ మానసికంగా గట్టివాళ్లని పరీక్షించి మరీ తీసుకున్నారు. అలాంటివాళ్లు కూడా రోజంతా తిండి గురించే ఆలోచించేవారు, వంటల పుస్తకాలు పోగుచేసుకునేవారు, ప్లేటు ముందు గంటల తరబడి కూర్చునేవారు. మళ్లీ కడుపునిండా పెట్టాక కూడా కొందరికి నెలల తరబడి ఆకలి తీరలేదు. ఇది చదివిన రోజు నేను చాలాసేపు ఏడ్చాను. నా పిచ్చి అనుకున్నదాంట్లో చాలా భాగం ఒట్టి ఆకలేనని అప్పుడు తెలిసింది. ఏమీ లేనివాళ్లకే అలా అయితే, ఆ దారిలో ఒకసారి నడిచివచ్చిన మనం మళ్లీ ఆకలిని పిలిచి ఇంట్లో పెట్టుకోవచ్చా?

అతిగా తినేసే రకం జబ్బు నుంచి వచ్చినవాళ్లకి కూడా ఇదే వర్తిస్తుంది. మీది ఏ రకమో మీరు రాయలేదు కాబట్టి చెబుతున్నాను. దానికి 2013లో గానీ అమెరికా సైకియాట్రీ గ్రంథంలో విడి జబ్బుగా చోటు దొరకలేదు. అందుకే ఇప్పటికీ చాలామంది వాళ్లకి కాస్త నోరు కట్టుకోమని సలహా ఇస్తారు. నోరు కట్టుకున్న కొద్దీ ఆ చక్రం ఇంకా గట్టిగా తిరుగుతుంది.

ఇక బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు ఉందా అని చూసే లెక్క. జబ్బు తిరగబెట్టిన ఒక దశలో కళ్లు తిరుగుతున్నాయని వెళితే ఒక డాక్టర్ చార్టు చూసి, "నార్మల్‌లోనే ఉన్నారు కదా" అని పంపించేశారు. ఆ మాట పట్టుకుని నేను ఇంకో మూడు నెలలు ఎవరికీ చెప్పలేదు. ఆ లెక్క కట్టింది కెట్లే అనే బెల్జియం గణాంక శాస్త్రవేత్త, 1830ల్లో. ఆయన చూసింది జనాభా సగటుని. 1972లో దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టింది పైన చెప్పిన యాన్సెల్ కీసే. ఒక్క మనిషి గుండె ఎలా కొట్టుకుంటోందో, ఒంట్లో పొటాషియం ఎంతుందో అది చెప్పలేదు. బరువు ఏమాత్రం తగ్గనట్టు కనబడేవాళ్లు కూడా ప్రాణాపాయంలో ఉండొచ్చు.

ఇంట్లో తూకం మిషన్ ఉంటే తీసేయండి. తిన్న పిండిపదార్థాన్ని ఒళ్లు గ్లైకోజెన్‌గా దాచుకుంటుంది, అది ఒక్కో గ్రాము సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. ఉప్పు, నెలసరి, కొత్తగా మొదలుపెట్టిన వ్యాయామం వల్ల కండరంలో వచ్చే వాపు, అన్నీ కలిసి ఒక్క రోజులోనే కిలో, రెండు కిలోలు అటూ ఇటూ చూపిస్తుంది. అది నీళ్ల లెక్క. ఆ లెక్క మీద నా పొద్దులు ఎన్ని పాడయ్యాయో. ఇప్పుడు క్లినిక్‌లో మిషన్‌కి వీపు పెట్టి నిలబడతాను, వాళ్లు చూసి రాసుకుంటారు, నాకు చెప్పరు.

పాదం మానాక నేను ఏం చేశానో చెబుతాను. ముందు డాక్టర్ పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి పల్స్, బీపీ చూశారు. ఈసీజీ తీశారు. రక్తంలో పొటాషియం, ఫాస్ఫేట్, మెగ్నీషియం చూశారు. నెలసరి క్రమంగా వస్తోందా అని అడిగారు. అన్నీ బాగున్నాయన్నాకే మొదలుపెట్టాను. వారానికి రెండు రోజులు, అరగంట, ఫిజియోథెరపిస్ట్ ఎదురుగా, బరువులెత్తే వ్యాయామం మాత్రమే. ముందు ఏదైనా తినాలి, తర్వాతా తినాలి. తినకుండా వస్తే ఆ రోజు సెషన్ లేదు. టార్గెట్లు రెండే రాసుకున్నాం. చేతులు ఆనించకుండా నేల మీంచి లేవడం, నిండు సూట్‌కేస్‌ని మూడో అంతస్తుకి ఆగకుండా మోసుకెళ్లడం. లేవడం నాలుగు నెలల్లో వచ్చింది. సూట్‌కేస్‌తో ఇప్పటికీ రెండో అంతస్తులో ఒకసారి ఆగుతున్నాను.

అన్నిటికంటే కష్టమైంది వేరే ఉంది. నెలకి ఒక సెషన్ కావాలనే మానేయమన్నారు డైటీషియన్. ఒంట్లో బాగాలేక మానడం లెక్క కాదు, అన్నీ బాగున్న రోజే మానాలి. మానేసి, ఆ రోజు అన్ని పూటలా తిని, మనసు ఏమంటోందో ఒక కాగితం మీద రాసుకురమ్మన్నారు. మొదటిసారి రెండు పేజీలు రాశాను. సోమరిపోతువి, ఇక అంతా పోయినట్టే, అన్న మాటలే నిండా. ఏడో నెలలో కాగితం మీద ఒక్క వాక్యం ఉంది, "చెల్లితో సినిమా చూశాను" అని. అప్పుడు గానీ వారానికి మూడో రోజు చేర్చడానికి డైటీషియన్ ఒప్పుకోలేదు.

కళ్లు తిరగడం, గుండె దడదడలాడడం, స్పృహ తప్పడం, నెలసరి ఆగడం, జ్వరంలోనో నొప్పిలోనో కూడా మానలేకపోవడం, దొంగచాటుగా చేయడం. వీటిలో ఏ ఒక్కటి కనబడినా వ్యాయామం ఆపేసి వెంటనే డాక్టర్‌తో చెప్పండి. స్పృహ తప్పినా, గుండె లయ తప్పినట్టు అనిపించినా ఆ రోజే హాస్పిటల్‌కి వెళ్లండి, అపాయింట్‌మెంట్ కోసం చూడకండి.

జిమ్‌లో మొదటి రోజే ఒక ట్రైనర్ నన్ను మిషన్ ఎక్కించి, ఫొటో తీసి, నేను అడగకుండానే ఫారం మీద ఒక అంకె రాసేశాడు. అది ఎన్నో వారాలు నా తలలో తిరిగింది. కాబట్టి మీరు వెళ్లిన రోజు ఈ మాటలు ముందే చెప్పండి. "నాకు ఇంతకుముందు ఈటింగ్ డిజార్డర్ ఉండేది. నన్ను తూచవద్దు, ఫొటోలు తీయవద్దు, ఎంత తినాలో చెప్పవద్దు. నేను బలం కోసం వచ్చాను. ఒక రోజు రాకపోతే ఎందుకు రాలేదని అడగవద్దు." సరేనంటే చేరండి. నవ్వినా, "ముందు కొంచెం తగ్గిద్దాం లెండి" అన్నా, డబ్బు కట్టకముందే బయటికి వచ్చేయండి.